కొత్త రాణికి హారతి

సీసాలో కొన్న తేనె చూసినప్పుడల్లా నాకు పెద్దమందడిలోని పాత గుమ్మి, మా అత్త జోగులమ్మ గుర్తుకొస్తారు. నా పెండ్లయిన ఏడు, నిజాం కాలంలో, ఆమెకు పగవాళ్లు ఇద్దరే: జొన్నలు పోసే ఆ గుమ్మిలో చేరిన తేనెటీగలు, నేను. ఈగలేమో దూడను సైతం వదలకుండా కుట్టేవి. నేనేమో తిమ్మాజిపేట పిల్లను, రొట్టెల్లో నువ్వులు కలిపేదాన్ని. "మీ అమ్మ గిదేనా నేర్పింది?" అని ఆమె రోజూ పొడిచేది. ఆ ఇంట్లో ఇక నన్ను కలుపుకోరేమోనని ఏడుపొచ్చేది.

మామ కాగడా పెట్టి ఈగలను కాల్చేస్తానన్నాడు. అదే వారం నాగర్‌కర్నూల్ నుంచి నిజాముద్దీన్ సాబ్ వచ్చాడు. తక్కువ కుట్టే ఈగలను ఏరి, పెట్టెల్లో వాటి సంతతిని పెంచి పరిశోధించే సర్కారు ఉద్యోగి.

"కాల్చకు పెద్దాయనా. గుణమంతా రాణిది. రాణిని మారిస్తే, ఇగ పుట్టేటివన్నీ సాధువులైతయి," అన్నాడు.

పొగ పట్టి పాత రాణిని పట్టుకుని పెట్టెలో వేసుకున్నాడు. తాను తెచ్చిన కొత్త రాణిని చిన్న వెదురు పంజరంలో ఉంచి గుమ్మిలో వేలాడదీశాడు. తాను చెప్పేదాకా పంజరం తెరవొద్దని చెప్పి, నమాజుకు బావి దగ్గరికి వెళ్లాడు.

అత్త ఆగితే కదా! "కొత్త కోడల్ని గడప బయట నిలబెడ్తరా? అరిష్టం," అంటూ హారతి వెలిగించింది. నాకిచ్చినదానికంటే పెద్ద హారతి! కుళ్లుకున్నాను. దిష్టి తీసి పంజరం తెరిచింది.

ఈగలు రాణి మీద నిమ్మకాయంత ఉండలా మూగాయి.

"సూడే, ఎట్ల ముద్దుగ అలుముకున్నయో!" అని మురిసిపోయింది.

అప్పుడే తిరిగొచ్చిన సాబ్ పరుగెత్తాడు. "ముద్దు కాదమ్మా, సంపుతున్నయి!" ఆ ఉండను తీసి చెంబు నీళ్లలో వేశాడు. ఈగలు విడిపోయాయి. అడుగున రాణి కాళ్లాడిస్తోంది. తుడిచి మళ్లీ పంజరంలో పెట్టాడు.

"ఏం తప్పు జేసిందని?" అంది అత్త.

"ఏం జెయ్యలే. వాసన కొత్తది, గంతే. కలిసేదాంక జర ఓపిక పట్టాలె. లేకుంటే ఎంత మంచి రాణైనా బతకది."

నాకు ఏడుపు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయాను. అత్త హారతి పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

వానలు పడేసరికి కొత్త రాణి సంతతి సాధువులై, ఆ గుమ్మి పక్కనే దూడను కట్టేసేవాళ్లం. కానీ నాకు బాగా గుర్తున్నది అత్త పంజరం తెరిచిన రోజు సాయంత్రమే. భయపడి రొట్టెల్లో నువ్వులు వెయ్యలేదు. అత్త ఒక ముక్క తుంచి నా మొహం చూసింది.

"నువ్వులేవి?"

"నువ్వే వద్దంటివి గద అత్తమ్మా."

"నేనంటే అంటి గని, నువ్వు ఎయ్యి పిల్లా," అంది. "అలవాటు పడాల్సింది మేము."