రాళ్ళకత్వ కాడ రెండో రౌండ్

మంజీర డ్యాం గేట్లు ఎత్తారన్న కబురు శుక్రవారం మధ్యాహ్నం, సరిగ్గా భోజనాల వేళకి వచ్చింది. సబియా ఒక చేతిలో టిఫిన్ డబ్బా మూత, నోట్లో ముద్ద, చెవికి ఫోను. అవతల మల్లేష్ గొంతు చించుకుంటున్నాడు.

"రెండు గేట్లు లేపిన్రు! రాళ్ళకత్వ మీదికెల్లి నీళ్ళు దుంకుతున్నయ్. ఎల్లుండి పడవల పోటీ పక్కా!"

సబియా ముద్ద మింగకుండానే కేక పెట్టింది. సుల్తాన్‌పూర్‌లో సిరంజిలు తయారుచేసే ఆ కంపెనీ క్యాంటీన్‌లో అలా కేకలు పెట్టే ఆచారం లేదు. సూపర్‌వైజర్ తల తిప్పి చూశాడు. ఎదురుగా కూర్చున్న నిషిత మాత్రం సంగతేమిటని కూడా అడగకుండా బల్ల మీద రెండు చేతులతో దరువు మొదలుపెట్టింది. వానాకాలమంతా ఈ ఒక్క ఫోను కోసమే కదా కాచుకుని కూర్చున్నారు!

ఈ పిచ్చి మూడేళ్ళ నాటిది. అంటించినవాడు నిషితకి చిన్నాయన కొడుకు మల్లేష్. అతను పాశమైలారంలో నీళ్ళ ట్యాంకులు పోసే కంపెనీలో పనిచేస్తాడు. ఒకసారి ఏదో రిసార్టు వాళ్ళు ఆ కంపెనీకే కయాక్‌లు ఆర్డరిచ్చారు. కయాక్ అంటే రెండు కొసలూ సూదిగా ఉండి, మధ్యలో ఒక మనిషి కూర్చునే గంత ఉన్న ప్లాస్టిక్ పడవ. పోతపోసినప్పుడు బుడగలొచ్చిన మూడింటిని తుక్కులో పడేస్తుంటే మల్లేష్ ట్రాలీ ఆటో మీద ఇంటికి తెచ్చుకున్నాడు. "ట్యాంకుల నీళ్ళుంటయ్, ఇది నీళ్ళల్ల ఉంటది. గంతే ఫరక్," అని చెల్లెల్ని ఒప్పించాడు. చెల్లెలు తనతో ఒకే లైన్‌లో పనిచేసే సబియాని లాక్కొచ్చింది. పాడుబడిన రాతి క్వారీ గుంటలో, ఫోన్లో వీడియోలు చూసుకుంటూ నేర్చుకున్నారు. వాన పడితే చాలు, ఆదివారం పూట ఆటో మీద మూడు పడవలు కట్టుకుని ఏ వాగు పొంగితే ఆ వాగుకి పరుగు. చూసేవాళ్ళు నవ్వితే నవ్వనీ, నురగలు కక్కే నీటి మీద ఒకసారి జారినవాడికి ఆ తర్వాత నేల మీద నడక చప్పగా ఉంటుంది.

సబియాకి ఒక్కటే చిక్కు. అది వాళ్ళ నాన్న గులాం మొహమ్మద్ పెట్టిన షరతు. పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో ముప్పై ఏళ్ళుగా లారీలకి టార్పాలిన్లు కుడుతున్న మనిషి. కూతుర్ని వద్దనలేదు. కానీ మొదటి రోజే వేలెత్తి చెప్పాడు.

"పడవ సీదా ఉన్నన్ని దినాలు పో బేటా. ఒక్కపారి తిర్గబడ్డదో, ఇగ బంద్. మళ్ళ నన్ను అడుగొద్దు."

సబియా బుద్ధిమంతురాలిలా తలూపింది. తలకిందులు కాకుండా కయాక్ నేర్చుకోవడమంటే తడవకుండా ఈత నేర్చుకోవడమే. పడవ తిరగబడుతుంది, లోపల కూర్చున్న మనిషి తెడ్డుని నీటి మీద పరిచి, నడుము విదిలించి మళ్ళీ పైకి లేవాలి. విద్య అంతా అందులోనే ఉంది. సబియా ఆ క్వారీ గుంటలో ఎన్ని వందలసార్లు తిరగబడిందో లెక్కలేదు. ఇంటికెళ్ళాక జుట్టు తడిసిందేమని అమ్మీ అడిగితే చెమట అనేది. డిసెంబర్‌లో కూడా చెమటే. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. గులాం మొహమ్మద్ పట్టడానికి ప్రయత్నించిన జాడ కూడా లేదు.

లేవడం మాత్రం సబియాకి ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. పదిసార్లు తిరగబడితే ఆరుసార్లు లేచేది. గాలి కోసం తొందరపడి తల ముందు ఎత్తేది, ఆ బరువుకి మళ్ళీ మునిగేది. "నడుం ముందుగాల, తలకాయ ఆఖర్న," అని మల్లేష్ నెత్తీ నోరూ కొట్టుకునేవాడు. లేవలేకపోయిన నాలుగుసార్లూ ఆమెని కాపాడింది లుంగి ముందున్న పట్టీ. పడవ గంతని మూసే గుడ్డ తొడుగుకి లుంగి అని వాళ్ళు పెట్టుకున్న పేరు. నడుముకి బిగించుకుని, రెండో అంచుని గంత చుట్టూ తొడిగితే నీళ్ళు పడవలోకి రావు. ముందు అంచున జానెడు పట్టీ బయటికి వేలాడుతుంటుంది. తలకిందులై లేవలేనప్పుడు దాన్ని గుంజితే లుంగి ఊడి మనిషి బయటపడుతుంది. అందుకే నీళ్ళలోకి దిగే ముందు ఒకరిది ఒకరు చూసి, "పట్టీ?" అనడం, "బయట" అనడం వాళ్ళకి అలవాటు.

సబియా లుంగి పోయిన వారమే చిరిగింది. శుక్రవారం సాయంత్రం దాన్ని నాన్న ముందు పెట్టింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, ఇదీ ఒక కుట్టేనా అన్నట్టు పెదవి విరిచాడు. శనివారం పొద్దుగూకేసరికి కొత్తది చేతిలో పెట్టాడు. రబ్బరు పూత ఉన్న నల్లటి గుడ్డ, జంట కుట్లు, అంచు చుట్టూ బిగువైన లాగుడు తాడు.

"నీళ్ళు గాదు, చీమ గూడ దూరది," అన్నాడు. "రేపు నేను గూడ వస్త. దుకాన్ బంద్."

సబియాకి పై ప్రాణాలు పైనే పోయాయి. రోజూ వేల సిరంజిలని లైటుకి పట్టి, వెంట్రుకంత గీత కనిపించినా పక్కన పడేసే కళ్ళు ఆ పిల్లవి. అబ్బా కుట్టిన కుట్టుని మాత్రం చూడలేదు. ఆయన చేతిపనిని పరీక్షించాలన్న ఆలోచనే రాలేదు. మడిచి సంచిలో పెట్టుకుని, రేపు పడవ తిరగబడితే ఎట్లా అన్న దిగులుతోనే పడుకుంది.

ఆదివారం పొద్దున రాళ్ళకత్వ కాడ జాతరే! ఏటికి అడ్డంగా కట్టిన రాతి కత్వ మీంచి మంజీర నీళ్ళు తెల్లగా దూకి, కిలోమీటరు పొడవునా బండల మధ్య దొర్లుతున్నాయి. ఆ హోరులో పక్కమనిషి మాట వినపడటం లేదు. తెల్లాపూర్ నుంచి ఐటీ కుర్రాళ్ళు పెద్ద కార్ల నెత్తిన విదేశీ పడవలు కట్టుకొచ్చారు. వాటి పక్కన మల్లేష్ బుడగల పడవలు పెళ్ళికి పాత చెప్పులతో వచ్చినట్టున్నాయి. అయినా సబియాకి అరికాళ్ళు దురద పుడుతున్నాయి. ఒక్కొక్కరికి రెండు రౌండ్లు, ఏది తక్కువ టైమైతే అదే లెక్క. నిమిషానికొకరు చొప్పున వదులుతారు.

దారి మధ్యలో అందరూ భయపడే చోటు ఒకటుంది. రెండు బండల నడుమ నీళ్ళు కిందికి పడి గిరగిర తిరుగుతాయి. వీళ్ళు దాన్ని గిర్ని అంటారు. ముందే తన రౌండ్ ముగించి తాడు సంచితో అక్కడ కాపలా నిలబడ్డ మల్లేష్, బుద్ధిలేనివాడు, "ఇగో చూడు చాచా, ఇక్కడికెల్లి మస్తు కనవడతది," అని గులాం మొహమ్మద్‌ని తీసుకెళ్ళి సరిగ్గా ఆ గిర్ని ఎదుటి బండ మీదే నిలబెట్టాడు.

నిషిత సబియా కంటే ఒక నంబరు ముందు. ఆమె పడవ వెళ్ళిపోయాక సబియాని చూసేవాళ్ళు లేరు. లుంగి తొడగడానికే వేళ్ళు నొప్పిపుట్టాయి, అంత బిగువుగా ఉంది. పట్టీ సంగతి గుర్తొచ్చేలోపు ఈల మోగింది.

ఇక ఆగేదేముంది! మొదటి దూకుడుకే చల్లటి నీళ్ళు మొహాన కొట్టాయి. కుడి, ఎడమ, మళ్ళీ కుడి, తెడ్డు దానంతటదే ఆడుతోంది. నల్లటి బండలు రివ్వున వెనక్కి పోతున్నాయి. సబియాకి నవ్వొచ్చింది, గట్టిగా నవ్వేసింది కూడా. ఇంత బాగా ఎప్పుడూ రాలేదు. గిర్ని దగ్గర కుడివైపు నుంచి నెమ్మదిగా పోతే తిరగబడే భయం లేదు, షరతు నిలబడుతుంది. ఎడమ నుంచి దూకితే పది సెకన్లు మిగులుతాయి. ఒక్క క్షణం బండ మీద అబ్బా తెల్ల టోపీ కనిపించింది. చేతులు అప్పటికే ఎడమకి తిప్పేశాయి.

పడవ ముక్కు దిగబడింది. ఆకాశం పక్కకి ఒరిగింది. తర్వాత అంతా గోధుమరంగు నీళ్ళే.

తెడ్డు పరిచి విదిలించింది. తల ముందు లేచింది. సగం గాలి, సగం నీళ్ళు నోట్లోకి వెళ్ళాయి, మళ్ళీ మునిగింది. సరే, ఇక బయటపడదామని చెయ్యి ముందు అంచుకి పోయింది. పట్టీ లేదు. ఇటు తడిమింది, అటు తడిమింది. మడిచి నున్నగా కుట్టేసిన అంచు తప్ప ఏమీ తగలలేదు. ఆ జంట కుట్టుని వేళ్ళు గుర్తుపట్టాయి. గోళ్ళతో అంచు పీకబోయింది. లారీ మీది టార్పాలిన్ గాలివానకి ఊడకుండా బిగించే చెయ్యి కదా, ఇసుమంత కూడా కదల్లేదు. సబియాకి భయం వేసింది. చచ్చిపోతానన్న భయం, జీవితంలో మొదటిసారి.

ఇక మిగిలిన దారి ఒక్కటే. చెంపని భుజానికి అదిమి పెట్టుకుంది, గాలి కావాలని తల ఎంత మొత్తుకున్నా ఎత్తనివ్వలేదు. తెడ్డు పరిచింది. నడుముని ఉన్న బలమంతా కూడదీసి విదిలించింది.

వెలుతురు! హోరు! మల్లేష్ అరుపులు! సబియా దగ్గుతూ, ఏడుస్తూ, నవ్వుతూ, ముక్కులోంచి నీళ్ళు కారుతుండగా తెడ్డేస్తూనే ఉంది. పారే నీటిలో ఆమె లేవడం అదే మొదటిసారి. లేచింది! చివరి బండ దాటేదాకా ఒంట్లో వణుకూ సంబరమూ కలగలిసి పోయాయి.

గట్టున నిషిత పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ కలిసి వేళ్ళు దూర్చి పీకితే గానీ లుంగి ఊడలేదు. అంతలో గులాం మొహమ్మద్ వచ్చాడు. ఒక కాలికి చెప్పు లేదు, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇగ బంద్," అన్నాడు ఆయాసపడుతూ. "అయిపోయింది. నడువ్ ఇంటికి."

ఆయన పడవని పక్కకి ఈడ్వబోయి లోపలికి చూశాడు. ఎంత కోపంలో ఉన్నా పనివాడి కన్ను పనివాడిదే.

"చూసినవా, ఒక్క చుక్క రాలే," అన్నాడు.

నిషిత లుంగిని తిప్పి చూస్తోంది. "చాచా, ముంగట పట్టీ ఏది?"

"ఏం పట్టీ?"

"పాతదానికి వేలాడుతుండె గద."

"గా తోకనా? కోసేసిన బిడ్డా. అంచుకు తోక వేలాడుతుంటే గాలికి కొట్టుకొని కుట్టంత సింపుతది. ఏ దర్జీ ఉంచడు."

సబియా వద్దన్నట్టు కళ్ళతో సైగ చేసింది. కానీ లోపమున్న సరుకుని పాస్ చేసే అలవాటు నిషితకి లేదు. ఆ పట్టీ ఎందుకో, అది లేకపోతే ఏమవుతుందో, ఇందాక నీళ్ళ కింద ఏమయ్యుండేదో నాలుగు మాటల్లో చెప్పేసింది.

గులాం మొహమ్మద్ ఇసుకలో చతికిలబడ్డాడు. కూతురి మొహం వైపు చూశాడు, లుంగి వైపు చూశాడు. "నా చేతులతోని..." అని ఆగిపోయాడు. సబియా పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది.

"నేను చూస్కోవాలె అబ్బా. చూస్కోలే."

ఆయన జేబులోంచి దబ్బనం తీశాడు, దారం ఎక్కించుకున్నాడు. తన సంచికున్న చేతిపట్టీని బ్లేడుతో పరపర కోశాడు. అంచు కుట్టు విప్పి, పట్టీ పెట్టి, ఒకటికి నాలుగు కుట్లు వేశాడు. దబ్బనం రెండుసార్లు వేలికి గుచ్చుకున్నా ఆగలేదు. లాగుడు తాడు కొంచెం వదులు చేశాడు. తర్వాత పడవని ఇసుక మీద పెట్టి, "కూసో," అన్నాడు.

సబియా కూర్చుంది. లుంగి తొడిగింది.

"గుంజు."

గుంజింది. టప్పున ఊడింది.

"మళ్ళ. ఈపారి కండ్లు మూస్కో. నీళ్ళల్ల కనవడదు గద."

కళ్ళు మూసుకుని గుంజింది, ఊడింది. ఎడమ చేత్తో గుంజమన్నాడు, అప్పుడూ ఊడింది. మైకులో రెండో రౌండ్ నంబర్లు పిలుస్తున్నారు. ఆమె నంబరు కూడా పిలిచారు. సబియా కదల్లేదు.

"షరతు?" అంది మెల్లగా.

గులాం మొహమ్మద్ లేచి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తిర్గబడుడు చూసిన. లేసుడు గూడ చూసిన. నాకు డర్ ఉంది బేటా, లేదని చెప్ప. గని గల్తీ నాది, సజా నీకా?"

మల్లేష్ పడవని నెత్తికెత్తుకుని కత్వ పైకి పరిగెత్తాడు, నిషితా సబియా వెనకే. ఆయన ఒంటి చెప్పుతోనే వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే వంగి లుంగి ముందు చూశాడు.

"పట్టీ?" అంది నిషిత అలవాటుగా.

"బయట," అన్నాడు గులాం మొహమ్మద్, సబియా నోరు విప్పేలోపే.

పైజామా మోకాళ్ళదాకా తడుస్తున్నా లెక్కచెయ్యక నీళ్ళలోకి దిగి, పడవ వెనక కొసని రెండు చేతులా పట్టుకున్నాడు. ఈల మోగింది. ఆయన బలమంతా పెట్టి ముందుకి తోశాడు.

"పో బేటా, జల్దీ పో!" అని అరిచాడు.