అత్త దగ్గరున్న నొప్పి

నగరి మరమగ్గాల వీధిలో పొద్దున కరెంటొచ్చిందంటే మోత మొదలవుతుంది. ఇంక అన్నాల వేళ దాకా ఒకరి మాట ఒకరికి వినపడితే ఒట్టు. అందుకని షెడ్డులో ఉన్నంతసేపూ అందరూ పెదవులు చూసి మాట్లాడుకుంటారు. ఢిల్లీబాబు, ఉదయలక్ష్మిల కాపురం పెళ్లయినప్పటి నుంచి అట్లాగే సాగుతా ఉండాది. ఆ చివర మగ్గం దగ్గర నిలబడి ఆయన ‘నూలు కండెలు యాడ?’ అంటాడు. ఈ చివర ఆమె ‘కండ్లు లేవా, నీ ఎనకాలే ఉండాయి’ అంటుంది. గొంతు పెంచకుండా ఎంతసేపైనా కొట్లాడుకోవచ్చు, అదొక సుఖం.

ఇప్పుడా పెదవులకే ఎసరొచ్చింది. ఉదయలక్ష్మి కింది దవడలో, ఎడమ పక్క, ఎముక లోపల గడ్డ పెరిగింది. తిరుపతి ఆసుపత్రిలో డాక్టరు హరినాథ్ ఫిల్ము వెలుగుకు పట్టి ఉన్నదున్నట్టు చెప్పినాడు. గడ్డకు ఆనుకొని పెదవికి పోయే నరం ఉండాది. నరం బాగుంటే గడ్డను మటుకు గీకేసి ఎముకను నిలబెట్టొచ్చు. నరం చచ్చిపోయిందంటే గడ్డ దాన్ని తినేసిందని అర్థం. అప్పుడు దవడ సగం కోసేయాల, కాలి ఎముక తెచ్చి అతకాల. పెదవి ఒక పక్కకు వాలిపోతుంది.

"మాట రాదా సార్?" అని అడిగినాడు ఢిల్లీబాబు.

"వస్తుందప్పా, కొంచెం ముద్దగా వస్తుంది."

"మాట ఎట్ల వచ్చినా పర్లేదు సార్. నాకు పెదవి ఆడాల" అనింది ఉదయ. డాక్టరుకు ఆ కోరిక అర్థం కాలేదు. ఢిల్లీబాబుకు అర్థమై గోడపక్కకు తిరిగి నిలబడినాడు. డాక్టరు సూదితో పెదవి కింద గుచ్చినాడు, ఆమె కుర్చీలోంచి ఎగిరిపడింది. "మంచిది, నరం బతికే ఉండాది" అని ఆపరేషనుకు రోజు చెప్పినాడు.

నొప్పి మటుకు ఉదయ ఒక్కతే పడలేదు. ఆ వీధిలో ఎవురూ ఒక్కరే పడరు. ఏడ్చే బిడ్డను పక్కింటామె కాసేపు ఎత్తుకొని పోయినట్టు, నొప్పినీ ఎత్తుకొని పోతారు. పొద్దున్నే పక్కింటి పంకజాక్షి వస్తుంది. "ఇట్లియ్యి మే, నువ్వు నాలుగిడ్లీలు తిను" అని ఉదయ చెంపకు అరచెయ్యి ఆనించి, ఆ చేతినే తన చెంపకు పెట్టుకొని, "అబ్బబ్బబ్బ! ఎట్ల పడతా ఉండావే తల్లీ!" అంటా పోతుంది. మధ్యాహ్నం చర్చి పక్కనుండే సంతోషమ్మ వంతు. ఆదివారం మటుకు ఆమె తీసుకోదు, పాటలు పాడాల కదా. ఎవురు తీసుకున్నా దీపాల వేళకు తిరిగిచ్చేయాల. ఎందుకని ఎవురూ అడగలేదు. పెద్దోళ్లు పెట్టిన కట్టుబాటు, అంతే.

వీధంతా తీసుకున్నా తీసుకోనిది అత్త కుప్పమ్మ ఒక్కతే. ఉదయకు ఆమె మేనత్త కూడా. "నా మోకాళ్ల నొప్పులే నాకు సాలు. పన్నునొప్పికి ఇంత రచ్చా? లవంగం పెట్టుకో" అని ఏడాది పొడుగునా లవంగాలే పెట్టించింది. గడ్డ అని తేలినాక ఆమె నోట్లోంచి లవంగం మాట రాలేదు. అసలు మాటే తగ్గిపోయింది. కుప్పమ్మ మాట తగ్గిందంటే వీధికి ఎంత భయమేసిందో ఏం చెప్పేది!

ఆపరేషను దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం కుప్పమ్మ వచ్చి కోడలి ఎదురుగా కూర్చొని చెయ్యి చాపింది. "ఇట్లియ్యి" అనింది.

"నీకెందుకులే అత్తా?"

"గమ్మున ఇయ్యే!"

ఇచ్చింది. దీపాలు పెట్టినాక అడిగితే "తెల్లారి ఇస్తాలే, పడుకో" అనింది. తెల్లారి అడిగితే మాట దాటేసింది. ఆ తర్వాత ఉదయ కూడా గట్టిగా అడగలేదు. ఎవురడుగుతారు? కడుపునిండా తింటా ఉండాది, ఒళ్లు తెలీకుండా నిద్రపోతా ఉండాది. ఒకపూట అన్నం తింటా పెదవి కొరుక్కుంటే రక్తం కారింది, ఢిల్లీబాబు చెప్పిందాకా ఆమెకు తెలీలేదు. ఆపరేషను బెంగలో పడి దాన్ని ఇద్దరూ పట్టించుకోలేదు. ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు కుప్పమ్మ చెంపకు తువ్వాలు చుట్టుకొని తలుపు ఎనకాలే నిలబడింది, బయటికి రాలేదు.

ఆపరేషను రోజు పొద్దున డాక్టరు వార్డుకొచ్చినాడు. నర్సు రెబెకా అప్పటికే ఉదయను తయారుచేసి ఉండాది. డాక్టరు సూది తీసి పెదవి దగ్గర వంగినాడు.

"తెలుస్తా ఉండాదా?"

"ఏంది సార్? ఇంకా గుచ్చలేదు కదా?"

డాక్టరు సూది ఎనక్కి తీసినాడు. పెదవి కింద చుక్క రక్తం నిలబడి ఉండాది. ఇంకొక చోట గుచ్చినాడు, గడ్డం కింద గుచ్చినాడు. ఉదయ ఆయన మొహం పక్కే చూస్తా ఉండాది, ఎప్పుడు మొదలుపెడతాడా అని. ఢిల్లీబాబు మటుకు ఆ రక్తం చుక్కనే చూస్తా ఉండాడు.

"కాలు కడిగి గీతలు గీయండి. ఎముక తీయాల్సొస్తుంది" అన్నాడు డాక్టరు.

రెబెకా గభాల్న అడ్డమొచ్చింది. "సార్, ఒక్క నిమిషం. ఏమక్కా, నీ నొప్పి నీ దగ్గరే ఉండాదా?"

"లేదు మేడం. మా అత్త దగ్గరుండాది. తీసుకొని వారం పైన అయింది."

డాక్టరుకు ఎక్కడలేని కోపం వచ్చింది. "స్కానులు తెస్తారు, ఆధార్ కార్డు తెస్తారు, నొప్పిని మటుకు ఇంట్లో పెట్టేసి వస్తారు! రాత్రి దాటి పెట్టుకుంటే నొప్పెనకాలే స్పర్శ, కదలిక కూడా పోతాయని తెలీదా? ఇన్ని రాత్రులైనాక, పోయింది ఆమె దగ్గరికా, గడ్డ లోపలికా? నేనేమని కోసేది? ఈ ఆపరేషను వాయిదా వేసేదానికి లేదు. మధ్యాహ్నం థియేటరు. ఆలోపల నొప్పి తెచ్చి పెట్టండి. రాకపోతే దవడ ఎముక కోసేస్తాను."

ఢిల్లీబాబు వీడియో కాల్ చేసినాడు. పంకజాక్షి ఫోను పట్టుకొని పరిగెత్తితే, షెడ్డు ఎనక కండెల బుట్టల మధ్య కుప్పమ్మ దొరికింది. చెంప ఉబ్బిపోయి, కండ్లు గుంటలు పడిపోయి ఉండాది. ఇన్ని రాత్రులు నిద్ర లేదు మనిషికి.

"అమ్మా, బస్సెక్కి రా. నొప్పి తెచ్చియ్యాల" అన్నాడు ఢిల్లీబాబు.

"తేను" అనింది కుప్పమ్మ పళ్ల సందులోంచి. "బిడ్డను కోస్తా ఉంటే నొప్పి కూడా పెట్టాల్నా? నేను చేసిన పనికి నేనే పడతాను. లవంగం పెట్టుకోమనింది ఎవురు? నేనే కదా!"

మగ్గాల మోతలో ఆ మాటలు సగం వినపడలేదు గానీ ఉదయ పెదవులు చూసి అంతా చదువుకునింది. ఫోను మొహానికి దగ్గరగా పట్టుకొని నోరు తెరిచింది.

"అత్తా, చూడు. నేనేమంటా ఉండానో చెప్పు."

కుప్పమ్మ కండ్లు చికిలించింది. కోడలి పెదవి ఒక పక్క కదలతా ఉండాది, ఇంకో పక్క పడిపోయి ఉండాది. ‘నొప్పి’ అనిందో, ‘ఒద్దు’ అనిందో, ఏమీ తెలీలేదు. ముప్పై ఏళ్లు మగ్గాల మధ్య బతికిన మనిషికి ఇంట్లో పిల్ల మాట అర్థం కాలేదు.

"ఏందే? ఏమంటా ఉండావే? సరిగ్గా చెప్పవే!" అని అరిచి, ఫోను అట్లే వదిలేసి లేచింది.

పంకజాక్షి ఆమెను తోడుకొని తిరుపతి బస్సెక్కింది. బస్సు గుంతలో పడినప్పుడల్లా కుప్పమ్మ ముందు సీటు కమ్మీని పట్టుకొని మూలిగింది. కండక్టరు టికెట్టు చించిస్తా ఆమె మొహం చూసినాడు. "పెద్దమ్మా, పుత్తూరు దాకా నేను పట్టుకుంటాలే, ఇట్లియ్యి."

"నీకు పుణ్యముంటుంది, నా జోలికి రాకప్పా! చేతులు మారితే యాడన్నా జారిపోతుంది" అని చెంపను రెండు చేతులా పొదువుకునింది.

పుత్తూరులో బస్సాగింది, ఎంతకీ కదలదు. విరిగిన చేతులకు కట్టు కట్టించుకునేదానికి వచ్చినోళ్లు దిగతా ఉండారు, ఎక్కతా ఉండారు. "ఎముక విరిగితే ఈడికి వస్తాం. తీసి పారేస్తే యాడికి పోతామే పంకజా?" అని కుప్పమ్మ ఏడుపు. "గమ్మునుండు పెద్దమ్మా, నీ ఏడుపుకు డ్రైవరు టీ తాగకుండా వస్తాడా?" అని పంకజాక్షి కసిరింది గానీ, ఆమెకూ ఏడుపొస్తా ఉండాది. రేణిగుంట దగ్గర లారీలు అడ్డం. ఢిల్లీబాబు ఫోను మీద ఫోను. "యాడుండారు? స్ట్రెచరు తెచ్చినారమ్మా!"

కుప్పమ్మ వార్డులో అడుగుపెట్టేసరికి ఉదయ స్ట్రెచరు మీద ఉండాది. కుడికాలి మీద పెన్నుతో గీతలు గీసుండారు. ఆ గీతలు చూసి కుప్పమ్మ నిలబడిపోయింది. చెయ్యెత్తింది, కానీ ఆ చెయ్యి ముందుకు రాదు.

"నా చేత్తో నేనెట్ల పెట్టేదే నీకు ఈ నొప్పిని? తట్టుకోలేవే!"

ఉదయే అత్త మణికట్టు పట్టుకొని లాగి, అరచేతిని తన చెంపకు గట్టిగా అదుముకునింది. కుప్పమ్మ మొహం విడిపడింది. ఇన్ని దినాలుగా బిగుసుకున్న దవడ వదులైంది. అందరూ ఉదయ మొహం పక్కే చూస్తా ఉండారు. డాక్టరు గుచ్చినాడు.

ఏమీ లేదు.

"ఏదే? యాడికి పోయిందే? నా దగ్గర లేదు, దేవుడి తోడు!" అని కుప్పమ్మ తన చెంప తడుముకునింది. డాక్టరు ఇంక ఆగలేనన్నట్టు చెయ్యూపినాడు. స్ట్రెచరు కదిలింది. ఉదయ మొగుడి పక్కే చూస్తా పోతా ఉండాది. ఢిల్లీబాబు ఆమె మొహం మీదినుంచి కండ్లు తీయలేదు, ఇదే ఆఖరుసారి అన్నట్టు.

థియేటరు గడప దగ్గర స్ట్రెచరు చక్రం దడాల్న ఎగిరిపడింది.

"అమ్మా! సచ్చినాన్రో!" అని ఉదయ పెట్టిన కేకకు వార్డులో రోగులందరూ లేచి కూర్చున్నారు.

డాక్టరు పరిగెత్తుకొచ్చి సూది ఆనించినాడో లేదో, ఉదయ ఆయన చెయ్యి తోసిపారేసింది. "గుచ్చొద్దు సార్, నీకు దండం పెడతా!" అని కండ్లనీళ్లు కారస్తా ఉండాది. హరినాథ్ సూది పక్కన పెట్టి, కాలి మీద గీతలు తుడిచేయమన్నాడు. "ఇన్ని రాత్రులు బయటుండిన నొప్పి సార్, కుదురుకునేదానికి ఇంతసేపు పట్టింది" అనింది రెబెకా. ఆమె అప్పటికే దూది స్పిరిట్టులో ముంచి ఉండాది. తలుపు మూసినారు. బయట కుప్పమ్మ బండల మీద కూలబడి, కోడలు ఏడ్చిందని పంకజాక్షిని పట్టుకొని సంతోషంగా ఏడ్చింది.

పొద్దుగూకే వేళకు ఉదయను బయటికి తెచ్చినారు. గడ్డ ఒక్కటే తీసినారు, ఎముక నిలబడింది. తల చుట్టూ కట్టు, మొహం గుమ్మడికాయంత వాపు. మత్తు దిగతా ఉంటే నొప్పి తెలిసి ఆమె దుప్పటిని గుప్పిట్లో నలిపేస్తా ఉండాది. కుప్పమ్మకు చూసి ఉండబట్టలేదు. మంచం పక్కకు జరిగి అరచెయ్యి చాపింది.

"ఇట్లియ్యే, ఇంతసేపే. ఇచ్చేస్తాలే, నిజంగా ఇచ్చేస్తా."

ఉదయ కట్టు కట్టిన తలను మెల్లగా అడ్డంగా తిప్పింది. గొంతు రాలేదు. పెదవులు మటుకు రెండు పక్కలా సమానంగా కదిలినాయి.

"ఏమనింది?" అని అడిగింది పంకజాక్షి.

ఢిల్లీబాబు నవ్వుతా ఉండాడు, కండ్లు తుడుచుకుంటా ఉండాడు. కుప్పమ్మే చెప్పాల్సొచ్చింది.

"ఏమంటుంది? ‘ఇయ్యను పో, అది నాది’ అంటా ఉండాది. నోరు కుట్టి పంపినా ఎదురు మాట్లాడేది మానలేదు సూడు, దొంగముండ" అని ముక్కు చీదుకునింది.