ఆరు వందల పదకొండు మంది మొహమాటం

నేను ఒక రెండు వందల పేజీల రూళ్ల పుస్తకాన్ని. ఆగండి, అప్పుడే ముక్కు చిట్లించకండి. మీ ఇంట్లో ఫ్రిజ్ మీద మూల్గుతూ ఉంటుందే, పిల్లల గీతలతో, కూర మరకలతో, ఆ బాపతు కాదు నేను. నా పొట్టలో ఇవాళ నాలుగు వందల ముప్పై మంది ఉన్నారు. అందరూ తమంతట తాము నడిచొచ్చినవాళ్లే. మొదట్లో కొందరిని బలవంతంగా మింగిన మాట నిజమే. ఆ అజీర్తి సంగతే ఇప్పుడు చెబుతా.

భీమవరంలో ఒక బైండింగ్ షాపులో పుట్టాను. నన్ను కుట్టినాయన ఒక కన్ను నా మీద, ఒక కన్ను పకోడీల మీద వేసి కుట్టాడు. అందుకే నా మధ్యలో ఒక పేజీ తలకిందులుగా ఉంటుంది. లోకంలో ఎంతమంది పెద్దమనుషులు మొత్తానికే తలకిందులుగా తిరగడం లేదు? నాకు ఒక్క పేజీయే.

నన్ను మొదట కొన్నది నర్సాపురం రామలింగం. పొద్దున్నే నడిచేవాళ్ల సంఘం పెట్టి, హాజరు వెయ్యడానికి నన్ను తెచ్చాడు. మొదటి రోజు పద్నాలుగు సంతకాలు. రెండో రోజు ఆరు. మూడో రోజు ఆయనొక్కడే, అదీ మంచం దిగకుండా పెట్టాడు. నాలుగో రోజు నన్ను అటక మీద పడేశాడు. అక్కడ ఏడాది పాటు బల్లులకు పరుపునయ్యాను.

నన్ను దింపింది ఆయన అన్న కూతురు సుగుణ. సుగుణది లేసు వ్యాపారం. వీధిలో పన్నెండు మంది ఆడవాళ్లు దారం, సూది పట్టుకుని బల్ల గుడ్డలు అల్లుతారు. సుగుణ వాటి ఫొటోలు ఫోన్లో తన పేజీలో పెట్టి ఊళ్ల మీదికి అమ్ముతుంది. ఆ పేజీని చూసేవాళ్లు తొమ్మిది వేల మంది. ఒక బుధవారం పొద్దున్న చూస్తే పేజీ మాయం. ఎందుకు పోయిందో అడగడానికి మనిషి లేడు, చెప్పడానికి దిక్కు లేదు. పరాయివాడి అరుగు మీద తొమ్మిది వేల మందిని కూర్చోబెట్టుకుని మురిసిపోతే, ఇంటాయన అరుగుతో సహా తలుపేసుకున్నాడు. సుగుణకు సొంతంగా ఒక చిన్న వెబ్‌సైటు ఉంది కానీ, దానికి దారి తెలిసినవాళ్లే లేరు.

పెట్టెలో అల్లి పెట్టిన బల్ల గుడ్డలు నలభై రెండు ఉన్నాయి. లేసు ఆడవాళ్లలో పెద్దావిడ తాయారమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"చూడమ్మా సుగుణా, ఇవి పోకపోతే కొత్త దారం కొనవు, మాకు పని ఉండదు. రొయ్యల షెడ్డోళ్ల ఆటో రోజూ హారను కొట్టి మరీ పిలుస్తోంది. దసరా దాకా చూస్తాం. ఆ తర్వాత సోమారం అందరం ఎక్కేస్తాం."

"అన్నీ అమ్మాక మళ్లీ వద్దురుగానిలే పిన్నీ."

"ఏం రావడమే? ఐసులో రెండు నెల్లు రొయ్యలు ఒలిస్తే ఈ వేళ్లు మళ్లీ సూది పట్టుకుంటాయా?"

ఆ రోజే సుగుణ నన్ను దులిపింది. "కొనేవాళ్ల మెయిలు అడ్రసులు పోగేద్దాం బాబాయ్. అవి మన దగ్గరుంటే ఏ పేజీ పోయినా మన ఉత్తరం ఆగదు" అంది.

"పోగెయ్యడమే కదా! నాకు వదిలెయ్యవే" అన్నాడు రామలింగం. మంచం దిగకుండా పెట్టిన ఆ సంతకం నాకు గుర్తొచ్చింది.

విజయవాడ ఎగ్జిబిషన్లో పది రోజులు స్టాలు పెట్టారు. రామలింగం నన్ను చంకలో పెట్టుకుని దారికి అడ్డంగా నిలబడ్డాడు. ఐస్‌క్రీము తినేవాణ్ని వదల్లేదు, తప్పిపోయిన పిల్లాణ్ని వెతుక్కునే తల్లిని వదల్లేదు.

"మీ మెయిలు రాయండమ్మా, ఆయ్! మీరు రాయకపోతే మా అమ్మాయి ఇవాళ అన్నం ముట్టదండీ, ఆయ్!"

మనవాళ్ల సంగతి మీకు తెలియనిదేముంది? ముఖం మీద 'వద్దు' అనే మాట నోటికి రాదు. విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి కూడా మూడో లడ్డూ వేయించుకునే జాతి. అందరూ రాశారు. ఏం రాశారో నాకు తెలుసు, ఎందుకంటే రాసింది నా ఒంటి మీద. ఒకాయన తన బావమరిది అడ్రసు రాశాడు, పాత కక్ష కాబోలు. ఒకావిడ మనవడి పేరు, ఇంటి నంబరు కలిపి అప్పటికప్పుడు ఒక అడ్రసు సృష్టించింది. ఏడుగురైతే స్టాలు వెనక బోర్డు మీదున్న సుగుణ అడ్రసునే చూసి కాపీ కొట్టారు.

పదో రోజుకు ఆరు వందల పదకొండు మంది. రామలింగం నన్ను నెత్తిన పెట్టుకుని రైలెక్కాడు.

సుగుణ అందరికీ ఉత్తరం పంపింది. మూడు వందల ఎనభై ఎనిమిది తిరుగు టపాలో వెనక్కొచ్చాయి. ఏడు సుగుణకే వచ్చాయి. ఆర్డర్లనుకుని ఎగిరి గంతేసింది పాపం. మిగతావాళ్లలో కొందరు తిట్టారు. ఉత్తరాలు పంపిపెట్టే కంపెనీవాళ్లు, ఇంకోసారి ఇలా చేస్తే మీ ఖాతా మూసేస్తాం అని రాశారు.

సుగుణ కళ్లనీళ్లు పెట్టుకుంది. రామలింగం నన్ను ఒళ్లో పెట్టుకుని, ఆ పేర్లన్నీ ఒక్కొక్కటే కొట్టేస్తూ కూర్చున్నాడు.

సంగతంతా విని తాయారమ్మ నవ్వింది. "పేరంటానికి ఎలా పిలుస్తామే? ఇంటికెళ్లి బొట్టు పెట్టి చెప్పొస్తాం. ఇష్టమున్నావిడ వస్తుంది. రోడ్డు మీద పోయేవాళ్ల రెక్క పుచ్చుకుని లాక్కొస్తామా? నీకైనా బుద్ధుండక్కర్లేదూ రామలింగం!"

"తప్పైపోయింది వదినా."

సుగుణ నన్ను తిరగేసి, వెనక పేజీ నుంచి ఆకుపచ్చ సిరాతో మొదలుపెట్టింది. ఇదివరకు కొన్నవాళ్ల పార్సిలు చీటీలు తీసి ఒక్కొక్కరికీ విడిగా మెసేజి పెట్టింది: నెలకొక్క ఉత్తరం రాస్తాను, రాయమంటారా? వెబ్‌సైటులో కూడా చిన్న గడి పెట్టింది. మెయిలు ఇచ్చినవాళ్లకు కానుకగా తాయారమ్మ చిట్కా: లేసు గుడ్డ మీద పప్పుచారు ఒలికితే ఆ పసుపు మరకకు నిమ్మరసం రాసి ఎండలో ఎలా వెయ్యాలో. మెయిలు ఇచ్చాక కూడా, 'నిజంగా మీరేనా? అయితే ఇక్కడ నొక్కండి' అని ఇంకో ఉత్తరం.

"ఇచ్చినోళ్లని మళ్లీ ఇచ్చారా అని అడగడమేంటే? వచ్చినోళ్లు కూడా పారిపోతారు!" రామలింగం గింజుకున్నాడు.

"పారిపోయేవాళ్లు ఇప్పుడే పారిపోనీ బాబాయ్."

దసరా నాటికి ఎనభై ముగ్గురు. ఆరు వందల పదకొండు మోసిన నాకు ఆ ఎనభై ముగ్గురూ నిండుగా అనిపించారు. ఒక్కొక్కరి పక్కన సుగుణ ఒక ముక్క రాసుకునేది. 'నెల్లూరు. వాళ్లమ్మకి చూపు లేదు, చేత్తో తడిమి ఏ పువ్వో చెప్పేసిందట.' ఇలాంటివి.

పండగ వెళ్లిన శుక్రవారం పొద్దున్న పదింటికి ఉత్తరం వెళ్లింది. నలభై రెండు గుడ్డలు, ఏది ఎవరు అల్లారో పేరుతో సహా. పన్నెండు మందీ సుగుణ ఇంటి వసారాలో కూర్చున్నారు. ఫోను పీట మీద, పక్కన నేను. పది నిమిషాలు గడిచాయి.

ఫోను టింగుమంది.

"నెల్లూరావిడ. రెండు!" సుగుణ అరిచింది.

మళ్లీ టింగు. మళ్లీ. భోజనాల వేళకు పంతొమ్మిది. హైదరాబాదులో ఒకావిడ ఆ ఉత్తరాన్ని తన అపార్టుమెంటు వాళ్లందరికీ పంపిందట, అక్కడి నుంచే పదకొండు. సాయంత్రం టీ పొయ్యి మీద మరుగుతుండగా నలభై రెండోది కూడా పోయింది. ఆ తర్వాత అడిగినవాళ్లకు 'కొంచెం ఆగండి, అల్లుతున్నాం' అని రాయాల్సొచ్చింది. రామలింగం వసారాలో డాన్సు చేశాడు. అంతకుముందు ఎవరూ ఆయన్ని ఆ అవతారంలో చూడలేదు, ఇకముందు చూడకపోతే మంచిది.

సోమవారం పొద్దున్న రొయ్యల షెడ్డు ఆటో వచ్చి వీధి మొదట్లో హారను కొట్టింది.

తాయారమ్మ సూది ఆపకుండానే కేకేసింది. "మాకు ఖాళీ లేదు నాయనా. మీ ఆవిడకు బల్ల గుడ్డ కావాలంటే మెయిలు రాసి వెళ్లు!"

ఆటో ఖాళీగా వెళ్లిపోయింది.

ఇప్పుడు పేర్లన్నీ కంప్యూటర్లో కూడా ఉన్నాయి. నన్ను పాత పేపర్లవాడికి వేసేస్తారేమోనని కొన్నాళ్లు బెంగపడ్డా. వెయ్యలేదు. వసారాలో పీట మీదే నా చోటు. కొత్త గుడ్డకు దారం అందుకునే ముందు తాయారమ్మ, "ఏదీ, ఇది ఎవరిదో చదువు" అంటుంది. సుగుణ నన్ను తెరిచి ఒక పేరు, పక్కనున్న ముక్క చదువుతుంది. తాయారమ్మ కాసేపు ఆలోచించుకుని, "అయితే ఆవిడకి మల్లెమొగ్గ డిజైను బాగుంటుంది" అని మొదటి ముడి వేస్తుంది.