నా నంబరు మీద అరవైముగ్గురు

ఆ గడి ఖాళీగా ఉంటే యంత్రం ముందుకు కదలదు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, పది వేళ్లు, రెండు కళ్లు, అన్నీ ఇచ్చిన మనిషి కూడా ఫోన్ నంబరు దగ్గర ఆగిపోవలసిందే. జాతీయ గుర్తింపు సంఖ్య నమోదు మొదలైన కొత్తలో, పురపాలక కార్యాలయం కింది అంతస్తులో ఉన్న నా గదికి ఫోన్ లేనివాళ్లు చాలామంది వచ్చేవారు. వెనక్కి పంపితే మరో రోజు పని మానుకుని రావాలి. పంపలేక, ఒక ముసలాయనకు ఆ గడిలో నా నంబరు వేశాను. ఒకరికి వేశాక రెండోవారికి వేయడం తేలిక. అలా అరవైముగ్గురు నా నంబరు మీద నమోదయ్యారు. వేలిముద్రలు తీసే ముద్రలక్క మంచిదని వీధంతా చెప్పుకున్నారు. నేనూ ఆ మాట నమ్మాను.

మొదట్లో సందేశాలు నెలకొకటి కూడా వచ్చేవి కావు. తరువాత ఆసుపత్రి చీటీకి వేలు, బస్సు పాసుకు వేలు, గ్రంథాలయంలో కుర్చీకి వేలు. పెట్టిన ప్రతిసారీ ఆ చోటు, ఆ సమయం, గుర్తింపు సంఖ్యలో చివరి నాలుగంకెలు నమోదైన ఫోన్‌కు చేరతాయి. మా కార్యాలయంలో ఆ జాబితా ఎవరికీ కనిపించదు. ఆ ఫోన్ ఎవరిదో వారికే కనిపిస్తుంది. అంటే, అరవైముగ్గురివీ నాకే. ఏ నాలుగంకెలు ఎవరివో చూసుకోవడానికి నాకు పుస్తకం అక్కరలేదు. ఖాళీ దొరికితే పుస్తకాలు చదివేదాన్ని; నా జ్ఞాపకశక్తి మీద నాకు కొంచెం గర్వం.

చూడలేదని అనను. మొదట కంటపడ్డాయి. తరువాత చూశాను. ఆపైన ఎదురుచూశాను. ఒకదాని నుంచి మరొకదానిలోకి ఎప్పుడు దాటానో నన్ను నేను అడగలేదు.

అడిగింది మా అత్తయ్య. "ఊరందరి గుట్టూ కొంగున ముడేసుకుని తిరుగుతున్నావు, అమ్మాయ్. ముడి జారిందంటే ఎన్ని కాపురాలు వీధిన పడతాయో!"

"నేనెవరికీ చెప్పను కదా, అత్తయ్యా."

"చెప్పవులే. నీ నోట్లో నువ్వుగింజ నానుతుంది. నానందల్లా నీ కంట్లోనే."

నవ్వి, మోగిన ఫోన్ అందుకున్నాను.

ఆ అరవైముగ్గురిలో బొత్తాల పిల్ల ఒకతె. చొక్కాల కార్ఖానాలో బొత్తాలు కుట్టేది కనుక అందరూ అలా పిలిచేవారు. మూడేళ్ల క్రితం భర్తతో కలిసి నా గదికి వచ్చింది. నాలుగు వేళ్లూ కలిపి గాజుపలక మీద ఆనించమంటే ఉంగరపు వేలు ఆనలేదు. విరిగి, వంకరగా అతుక్కున్న వేలు.

"తలుపు సందులో పడిందక్కా," అంది.

"ఎన్నిసార్లు చెప్పినా చూసుకోదు," అన్నాడు భర్త, వెనక నిలబడి.

'వేలు ఆనదు' అన్న మినహాయింపు దగ్గర టిక్కు పెట్టాను. కారణం రాసే చోటు ఆ పత్రంలో లేదు. ఉంటే రాసేదాన్నా? ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆమెకు ఫోన్ లేదు. అతను వ్యాను నడిపేవాడు. "నాది కంపెనీ ఫోను, ఎప్పుడు లాక్కుంటారో తెలీదు. అందరికీ మీ నంబరు వేస్తున్నారటగా, దీనికీ వేసేయండక్కా," అన్నాడు. వేశాను.

ఎనిమిది నెలల క్రితం ఆ పిల్ల ఇల్లు వదిలి వెళ్లిపోయింది. ఎక్కడికో ఎవరికీ తెలియలేదు. వారం తిరగకుండా, ఒక ఉదయం ఏడుంపావుకు, నా ఫోన్‌కు తెలిసింది: నూలు మిల్లు, మహిళల వసతిగృహం, భోజనశాల. నాలుగు గంటల బస్సు దూరంలో ఉన్న ఊరు. అక్కడ పళ్లెం అందుకోవాలంటే వేలు పెట్టాలి. అప్పటినుంచి రోజూ ఏడుంపావుకు ఆ సందేశం వస్తే, పిల్ల తిన్నదని నా మనసు కుదుటపడేది. రాకపోతే ఎనిమిది దాకా ఏ పనీ తోచేది కాదు. దాన్ని నేను ఆపేక్ష అనుకున్నాను.

ఒక సోమవారం మధ్యాహ్నం ఆమె భర్త వచ్చాడు. ఎదుటి కుర్చీలో ఒద్దికగా కూర్చున్నాడు. చూపు మాత్రం బల్ల మీది నా ఫోన్ మీదే ఉంది.

"అక్కా, మా ఆవిడకి అప్పట్లో మీ నంబరే వేశారు. గుర్తుందా?"

"గుర్తుంది."

"అయితే మెసేజ్‌లు మీకే వస్తుంటాయి."

"వస్తాయి."

అబద్ధం చెప్పవలసిందేమో. కానీ అతనికి తెలిసిన విషయాన్నే కాదనడం వల్ల ఆమెకు ఒరిగేదేమీ లేదు.

"ఎక్కడుందో ఒక్క ముక్క చెప్పండి చాలు. మీ కాళ్లు పట్టుకుంటా. ఇల్లు ఇల్లులా లేదు."

"చెప్పను."

"తమ్ముడనుకోండక్కా."

"తమ్ముడైనా చెప్పను."

"ఆలుమగల మధ్య మీరెవరండీ?"

"ఎవరినీ కాను. అందుకే చెప్పను."

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారు. ఇతను కాళ్లతో మొదలుపెట్టి జుట్టుకు వచ్చాడు. కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"పరాయివాళ్లకి సొంత నంబరు వేయకూడదట కదా. కనుక్కునే వచ్చా. శుక్రవారం అర్జీలు తీసుకునే రోజట, మీ పెద్దసారుకి రాసిస్తా. అప్పుడు ఆయనే సరిచేస్తాడు. కుటుంబ కార్డు మీద ఎవరి నంబరుంటే అది ఎక్కిస్తారట. కార్డు మీద ఇప్పుడు నా నంబరే ఉంది."

అతను చెప్పింది నిజమే. నియమం అదే. నేను నోరు విప్పకపోతే ఆ గుట్టు నాతో ఆగిపోతుందనుకున్నాను. ఆగదు. వచ్చే వారం నుంచి ఏడుంపావు సందేశం అతని జేబులో మోగుతుంది. నేను చెప్పడం, చెప్పకపోవడం అన్న తేడాయే ఉండదు.

దారి ఒక్కటే. మనిషి తానే వేలు పెట్టి తన నంబరు మార్చుకుంటే, ఆపైన ఎవరూ దాన్ని కదపలేరు. మంచం దిగలేని రోగుల కోసం మా దగ్గర యంత్రాన్ని మోసుకుపోయే పెట్టె ఒకటి ఉంది. చిట్టాలో సంతకం పెట్టి గురువారానికి తీసుకున్నాను.

"పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే," అంది అత్తయ్య.

"తప్పు నాదే, అత్తయ్యా."

"కాదని ఎవరన్నారు? ఆ పెట్టె చేత్తో మోయకు, వీపుకి తగిలించుకో. నడుం పట్టేసిందంటే నీకు నేనూ, నాకు నువ్వూ లేకుండా పోతాం."

బస్సులో నాలుగు గంటలూ ఒక చిక్కుముడి నాతోనే కూర్చుంది. ఆమె జాడ దాచడానికి వెళ్తున్నాను; వెళ్లగలుగుతున్నది ఆ జాడ నాకు తెలియడం వల్లనే. తెలియకూడనిది తెలిసినందుకు ఇప్పుడు సంతోషించాలా? వాదన ఎటు తిప్పినా నాకు అనుకూలంగానే తేలుతోంది. అందుకే దాన్ని నమ్మలేకపోయాను.

పొద్దుటి షిఫ్టు వదిలే వేళకు మిల్లు గేటు దగ్గర నిలబడ్డాను. ఆమె జుట్టు మీద నూలు పొట్టు తెల్లగా అంటుకుని ఉంది. నన్ను చూసి ఆగిపోయింది. ముందు నా వెనకకు, తరువాత రోడ్డుకు అటూ ఇటూ చూసింది.

"ఆయన వచ్చాడా?"

"లేదు. నేనొక్కదాన్నే."

"మరి నేనిక్కడున్నానని నీకెవరు చెప్పారు?"

ఫోన్‌లో ఆమె నాలుగంకెల సందేశాలు తెరిచి ఆమె చేతిలో పెట్టాను. ఆమె వేలితో పైకి జరుపుతూ పోయింది. ఏడుంపావు. ఏడుంపావు. ఏడూ ఇరవై. ఎనిమిది నెలలు. ఒక చోట ఆగింది.

"ఇక్కడ మూడు రోజులు లేదు," అంది.

"అవును. జ్వరమొచ్చిందేమోనని..."

"అదీ కావాలా నీకు?"

"నువ్వు తిన్నావో లేదోనని చూసేదాన్నమ్మా, అంతే."

"నేను తింటే నీకెందుకు, తినకపోతే నీకెందుకక్కా? మా అమ్మకే తెలియనివ్వలేదు నేను. వెతికేది ఆయనొక్కడే అనుకున్నా. నువ్వైతే వెతికే పని కూడా లేకుండా కూర్చుని చూస్తున్నావు!"

గట్టిగా అరవలేదు. నా మనసులోని మేలు ఆమెకు కనిపించే వస్తువు కాదు. ఆమెకు కనిపించింది ఆ జాబితా. నా చేతిలో ఉన్నా, అతని చేతిలో ఉన్నా అదే జాబితా. చూసేవారి మనసును బట్టి చూపు మారుతుందని నేను ఎంతో చదివాను. చూడబడేవారి వైపు నుంచి ఆ విషయం ఎన్నడూ చదవలేదు.

"తప్పు చేశాను," అన్నాను. శుక్రవారం సంగతి చెప్పాను.

ఆమెకు కోపం తీరలేదు. దాన్ని పక్కన పెట్టింది. ఇప్పుడు తనకు సొంత ఫోన్ ఉందంది. నేను అక్కడే గోడ వారన కూర్చుని పెట్టె తాళం తీయబోయాను. చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఈ మెషిన్ ఎక్కడ తెరిస్తే ఆ చోటు కూడా రాసుకుంటుందా?"

రాసుకుంటుంది. నా గది దాటి ఎన్నడూ పనిచేయలేదు కనుక ఆ గడిలో ఎప్పుడూ నా గదే ఉండేది. దాని ఊసే మరిచిపోయాను. ఆమె ఆపకపోతే, ఆమె ఉన్న ఊరి పేరు మా పెద్దసారు తెర మీదకు నా చేత్తో నేనే ఎక్కించేదాన్ని.

"చదువుకున్నదానివి, నువ్వు దాచడానికి వచ్చావా, పట్టించడానికి వచ్చావా?" అంది. ఆ మాటతో పాటే కొంచెం నవ్వింది కూడా.

ఇద్దరం బస్సెక్కి గంటన్నర దూరంలో ఉన్న పెద్ద కూడలికి వెళ్లాం. అక్కడి బస్టాండు నుంచి నలభై ఊళ్లకు బస్సులున్నాయి. చివరి వరుసలో ఒక సిమెంటు బల్ల మీద పెట్టె తెరిచాను. కుడిచేతి వేళ్లను యంత్రం ఒప్పుకోలేదు. ఎడమ బొటనవేలు పెట్టమన్నాను. నూలు పొట్టు అడ్డొచ్చి, రెండుసార్లు ఎర్ర దీపం వెలిగింది.

"ఇన్నాళ్లూ ఎక్కడ పెట్టినా పట్టేసుకుంది. కావాలన్నప్పుడు చూడు, బెట్టు చేస్తోంది," అని వేలు నాలుకకు తాకించి, పైటకు రుద్దుకుని మళ్లీ పెట్టింది. పచ్చ దీపం వెలిగింది. కింద, మార్పు చేసిన ఉద్యోగి ముద్ర పడేచోట, నా బొటనవేలు ఆనించాను. నంబరు మారినట్టు నా ఫోన్‌కు సందేశం వచ్చింది.

ఆమె నా ఫోన్ తీసుకుని తన సందేశాలు ఒక్కొక్కటే చెరిపింది. అన్నింటినీ ఒకేసారి చెరిపే వీలుందని నేను చెప్పలేదు. ఆ పని ఎంతసేపు చేయాలో ఆమే నిర్ణయించుకోవాలనిపించింది. రెండు బస్సులు వచ్చి వెళ్లాయి.

"మా మిల్లుకి ఇంకో మూడు ఊళ్లలో షెడ్లున్నాయి," అంది లేస్తూ. "మార్చమని అడుగుతా. ఇస్తారో లేదో, ఏ ఊరు ఇస్తారో నీకు చెప్పను."

"చెప్పొద్దు."

"బెంగ పెట్టుకోకు. ఏడుంపావుకి నీ పళ్లెం నువ్వు చూసుకో."

ఏ బస్సెక్కిందో చూడకుండా నేను ముందే నా బస్సెక్కాను.

శుక్రవారం ఉదయం, అతని కాగితం చేరకముందే నా కాగితం పెద్దసారుకు ఇచ్చాను. మిగిలిన అరవైఇద్దరి పేర్లూ రాసి, వారికి నా నంబరు వేశానని, వచ్చినవన్నీ చూశానని రాశాను. ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఏమ్మా, ఇదేమైనా పెళ్లి పిలుపుల జాబితానా? అరవైఇద్దరా!"

"నిన్న సాయంత్రం దాకా అరవైముగ్గురు సార్."

విచారణ పది రోజుల తరువాత జరిగింది. భర్త ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పెద్దసారు తెర మీద ఆ పిల్ల వివరాలు తెరిచాడు.

"సరిచేయడానికేం లేదయ్యా. నంబరు ఆమే మార్చుకుంది."

"ఎక్కడ సార్?"

పెద్దసారు నా వైపొకసారి చూసి, చదివాడు. "కూడలి బస్టాండు."

వ్యాను నడిపే మనిషికి ఆ బస్టాండు గురించి ఎవరూ వివరించనక్కరలేదు.

"పోనీ, ఆ కొత్త నంబరు చెప్పండి."

"నాకు కనిపించేది చివరి రెండంకెలు. అవీ చెప్పను."

"నేను భర్తని సార్!"

"ఆ సంగతి ఆమె చెబితే వింటా. నువ్వు చెబితే కాదు."

అతను వెళ్లాక నా శిక్ష చెప్పాడు. ఇక యంత్రం ముట్టుకోకూడదు. పై అంతస్తులో పాత దస్త్రాల గదికి బదిలీ. అరవైఇద్దరినీ పిలిపించి నంబర్లు మార్పించే పని కొత్తగా వచ్చే ఉద్యోగిది.

"సరే సార్. కానీ వాళ్లకి ముందు నేను వెళ్లి చెబుతాను. నా ఫోన్‌కి ఏమేం వచ్చాయో, నేనేం చూశానో."

"అది నేను చెయ్యమనలేదే! తిడతారమ్మా."

"తిట్టాలి సార్."

గేటు దగ్గర భర్త నిలబడి ఉన్నాడు. వ్యాను తాళంచెవి వేలికి తగిలించుకుని తిప్పుతున్నాడు.

"ఆ పెద్దాయన సంగతి సరే. మీరు చెప్పండి. ఎక్కడుంది?"

"తెలియదు."

నిజంగానే తెలియదు. ఊరు మారిందో లేదో తెలియదు, ఈ పూట తిన్నదో లేదో తెలియదు. తెలియకపోవడాన్ని ఇన్నేళ్లు లోటు అనుకుంటూ, దాన్ని పూడ్చుకోవడానికే చదివాను. ఒక మనిషి విషయంలో తెలియకపోవడం కూడా మర్యాదే అని ఏ పేజీలోనూ నాకు తగల్లేదు. తగిలినా దాటుకుని పోయి ఉంటాను.

అతను నా కళ్లలోకి చాలాసేపు చూశాడు. వెనకటిసారి నేను చెప్పనన్నప్పుడు అతనికి ఆశ మిగిలింది. ఈసారి మిగల్లేదు. తాళంచెవి గుప్పిట్లో బిగించి, వ్యాను వైపు వెళ్లిపోయాడు.

నేను అరవైఇద్దరి జాబితా మడత విప్పి, మొదటి చిరునామా ఉన్న వీధిలోకి తిరిగాను.