ఒక్కరోజు సరంగు

మోకు పురులు విప్పి, ఒకదాని కిందుగా ఇంకొకటి దూర్చి, అబ్బులు కాలితో తొక్కిపట్టి లాగాడు. ఫిషింగ్ హార్బర్ షెడ్డులో తెగిన మోకులు అతకడం అతని పని. నలభై ఏళ్లుగా లాగి లాగి కుడిచేతి వేళ్లు వంకర్లు పోయాయి. ఉప్పునీటికి గోళ్లు పసుపురంగుకు తిరిగాయి.

"సరంగు తాతా, సాయంత్రానికి అయిపోద్దా?" బోటు మీంచి ఎవరో అరిచారు.

"అయిపోద్ది, అరవకు!"

అబ్బులు లాంచీ నడిపే సరంగు కాడు. లాంచీ చక్రం ఏనాడూ పట్టలేదు. సరంగు అనేది ఇంటిపేరు. తన తండ్రి అసిరయ్య పోర్టులో లాంచీ నడిపిన మొనగాడని అతను ఊరందరికీ చెప్పుకునేవాడు. ఆ గొప్పే ఇప్పుడు మనవరాలి పెళ్లికి అడ్డుపడింది.

మనవరాలు హేమశ్రీ, స్టీల్‌ప్లాంటులో పనిచేసే జయంత్ ఒకరినొకరు ఇష్టపడ్డారు. అతని ఇంటిపేరూ సరంగే. పోయిన ఆదివారం సంబంధం మాట్లాడడానికి గోపాలపట్నం వెళ్తే, జయంత్ తాత భీమశంకరరావు అడగనే అడిగాడు. "మా నాన్నగారు గోదావరిలో లాంచీ సరంగండి. అలా వచ్చింది మాకీ పేరు. మరి మీదెక్కడిదండి?"

ఇక్కడిదే అంటే సరిపోయేది. కానీ నోరు ఊరుకోలేదు. "మాదీ గోదారేనండి! మా అయ్యా లాంచీ సరంగే!"

పెద్దాయన ముఖం వాడిపోయింది. ఒకే ఇంటిపేరు, ఒకే ఏరు. ఒకే వంశం అయ్యుంటారు. పిల్లలు అన్నాచెల్లెళ్ల వరస. "వెళ్లిరా తమ్ముడూ" అనిపించుకుని అబ్బులు గుమ్మం దిగాడు.

మధ్యాహ్నం హేమశ్రీ అన్నం క్యారేజీ తెచ్చింది. తల్లీతండ్రీ లేని పిల్ల. పదేళ్ల వయసు నుంచీ అతని దగ్గరే పెరిగింది. ఆదివారం నుంచి అతనితో మాట్లాడడంలేదు.

"ఫోన్ సేసేరు తాతా. సంబంధం వద్దంట. జయంత్‌ని అన్నయ్యా అని పిలవాలంట." నవ్వబోయింది. నవ్వు రాలేదు.

అబ్బులు క్యారేజీ మూత తీయలేదు. మోకు సగంలో వదిలేసి గోపాలపట్నం బస్సెక్కాడు.

"రా తమ్ముడూ" అన్నాడు భీమశంకరరావు, కుర్చీ చూపించి.

అబ్బులు కూర్చోలేదు. "నాను అబద్దం ఆడేను బాబూ. మా అయ్య సరంగు కాదు. లాంచీలో డబ్బాతో నీళ్లు తోడేవోడు."

"అదేంటి?"

"ఒకరోజు అసలు సరంగుకి జొరం. ఆ రోజే కంట్రాక్టరు గుమస్తా పేర్లు రాసుకోడానికొచ్చేడు. ఆ సరంగు కొలువు పోద్దని మా అయ్య సక్రం అట్టుకుని నిలబడ్డాడు. లాంచీ కదల్నేదు, మోకుకి కట్టేసే ఉంది. గుమస్తా మా అయ్య పేరడిగి, సరంగు అసిరయ్య అని రాసీసేడు. ఆ కాగితమే నా బడికెల్లింది, రేసన్‌కార్డుకీ ఎల్లింది. మా అసలింటిపేరు మజ్జి. ఎలమంచిలి దగ్గిర పల్లె మాది. గోదారెలా ఉంటదో మా అయ్యకి తెల్దు."

భీమశంకరరావు కళ్లజోడు తీశాడు. "పిల్ల కోసం కథ అల్లడంలేదు కదా, తమ్ముడూ?"

"తండ్రిని పెద్ద సేసి ఇన్నేళ్లూ అబద్దం ఆడేను. తండ్రిని సిన్న సేసి ఎవుడైనా అబద్దమాడతాడా బాబూ?"

పెద్దాయన లేచి వచ్చి అబ్బులు భుజాలు పట్టి కుర్చీలో కూర్చోబెట్టాడు. లోపలికి తిరిగి గట్టిగా కేకేశాడు.

"ఏమేవ్! బావగారికి కాఫీ పట్రా!"

బయలుదేరేటప్పుడు ఎర్రంచు తువ్వాలు ఒకటి చేతిలో పెట్టారు.

హార్బర్‌కి తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. "సరంగు తాతా, ఎక్కడికి పోయావ్?" అని బోటువాళ్లు ఎగతాళి చేశారు.

"సరంగు కాదురా, మజ్జి."

"ఏ మజ్జి?"

"లాంచీలో నీళ్లు తోడిన అసిరయ్య కొడుకుని." తల ఎత్తే చెప్పాడు. నవ్వినవాళ్లతో తనూ నవ్వాడు. మిగిలిన మోకు అతికి, రెండుసార్లు లాగి చూసి, వన్ టౌన్ సందులోని ఇంటికి నడిచాడు.

"ఆళ్లు ఒప్పుకున్నారే" అన్నాడు గుమ్మంలోనే. "నువ్వు మజ్జోరి పిల్లవి."

హేమశ్రీ అతని మెడ చుట్టేసి ఏడ్చింది.

"ఒగ్గెయ్, ఊపిరాడ్నేదు. కూడెట్టు, మద్దినం తిన్నేదు."

ఆమె కూర వెచ్చబెట్టి కంచం పట్టుకొచ్చేసరికి అబ్బులు గోడకి చేరగిలబడి ఉన్నాడు. వంకర వేళ్లు ఒళ్లో తెరుచుకుని ఉన్నాయి. "తాతా" అంది. మళ్లీ అంది. కంచం నేలమీద పెట్టి, భుజం మీద చెయ్యి వేసింది. తల మెల్లగా ఆమెవైపు ఒరిగింది. ఊపిరి లేదు.

గోడమేకుకి ఎర్రంచు తువ్వాలు మడత విప్పకుండా వేలాడుతోంది. దాని అంచున కొట్టువాడు అంటించిన చీటీ ఇంకా అలాగే ఉంది.