రాని చుట్టం వంతు

నేను ఒక హస్తాన్ని. దేవుళ్ల అభయహస్తాన్ని కాను, జాతకం చెప్పే గీతలూ నాకు లేవు. అన్నం వడ్డించే ఇత్తడి హస్తాన్ని. ముందువైపు వెడల్పుగా, కాస్త పల్లంగా ఉంటాను. వెనక జానెడు కాడ, కాడ చివర గోడకు తగిలించే కొక్కెం. ఇన్నేళ్లలో ఒక్క మెతుకు తిన్నదాన్ని కాదు. అందుకే ఇంట్లో ఎవరెంత తింటున్నారో నాకు తెలిసినట్టు తినేవాళ్లకు తెలియదు.

పుట్టింది శ్రీకాకుళం జిల్లా బుడితిలో. నన్ను పోతపోసి, సానపట్టి, తగరం కళాయి వేశారు. నాకు లోకజ్ఞానం వచ్చేసరికి విజయనగరంలో ఒక భోజన హోటల్లో ఉన్నాను. ఆ యజమానే నా మొదటి గురువు. నన్ను అన్నంలోకి ఏటవాలుగా దించి, మెతుకులు విడివిడిగా లేచేలా ఒక్క కుదుపు కుదిపి, ఆకులో కుప్పగా జార్చేవాడు. చూడ్డానికి కొండ, వేలు పెడితే సగం గాలి.

ఆ హోటల్లో రోజూ తినే బ్రహ్మచారి గుమస్తా నరసయ్య. హోటల్ మూసేసిన రోజు, గుర్తుగా ఏదైనా పట్టుకెళ్లమంటే నన్ను అడిగాడు. "ఇన్నాళ్లూ నన్ను పెంచింది ఇదేనండీ" అన్నాడు. అందులో సగం పెంచింది గాలి. అయినా మర్యాదకు ఊరుకున్నాను. మరుసటి ఏడాది అతనికి పెళ్లయింది, నేను వరహాలమ్మ చేతికొచ్చాను.

అక్కడ నా చదువంతా తలకిందులైంది. ఆమె "కొంచెమే, కొంచెమే" అంటూనే నన్ను గిన్నె అడుగుదాకా దించేది. పైకి తీసేటప్పుడు గిన్నె అంచుకేసి అదిమేది. చూడ్డానికి పిడికెడు, తింటే సాయంత్రం దాకా ఆకలి ఉండదు. వద్దని కంచం మీద చెయ్యి అడ్డం పెట్టినవాళ్ల వేళ్ల సందుల్లోంచి కూడా వడ్డించగల మనిషి.

ఆమెకు ఒక నియమం ఉంది. ఇంట్లో ఉన్నవాళ్లకు సరిపడా బియ్యం పోశాక, పైన ఒక చుట్టం వంతు వేస్తుంది. కొత్త కాపురంలో ఒకసారి నరసయ్య ఆఫీసు పెద్దలు చెప్పకుండా భోజనాల వేళకు దిగారు. అన్నం చాల్లేదు. పాపం, కొంగు చాటున గిన్నె పెట్టుకుని పక్కింటికి వెళ్లింది. పక్కింటావిడ అన్నం పెట్టింది. తర్వాత ఆ కబురు వీధంతటికీ వడ్డించింది. అప్పట్నుంచి చుట్టం వంతు లేకుండా ఆ ఇంట్లో ఎసరు పెట్టింది లేదు.

కాలం గడిచింది. నరసయ్య పోయాడు. కొడుకు సన్యాసిరావు కరెంటాఫీసులో చేరాడు. కోడలు సత్యవేణి వచ్చింది. వాళ్ల అమ్మాయి పెద్దదై హాస్టల్‌కి వెళ్లాక ఇంట్లో ముగ్గురే మిగిలారు. ఫోన్లొచ్చాక చుట్టాలు చెప్పకుండా రావడం మానేశారు. కొన్నాళ్లకు చెప్పి రావడం కూడా మానేశారు. చుట్టం వంతు మాత్రం రోజూ ఉడుకుతూనే ఉంది.

సత్యవేణి బాలికల హైస్కూల్లో లెక్కల టీచరు. నలభై ఎనిమిదో ఏడు వచ్చేసరికి పెళ్లినాటి గాజులు మెటికల దగ్గరే ఆగిపోయాయి. మెట్లెక్కితే మోకాళ్లు మాట్లాడుతున్నాయి. రక్తపరీక్షలో చక్కెర ఉండాల్సినదానికంటే ఎక్కువుంది.

"మూడు నెలలు చూద్దాం," అన్నదట డాక్టరమ్మ. "అన్నం, ఇడ్లీ, దుంపలు బాగా తగ్గించి, కూరలు, పప్పు, గుడ్లు తినండి. దిగకపోతే మాత్రలు మొదలుపెడదాం."

సత్యవేణి భయం మాత్రల గురించి కాదు. వాళ్లమ్మ మాత్రలు మింగుతూనే, తిండి మాత్రం మార్చకుండా, చివరికి చూపు పోగొట్టుకుంది. ఆఖరి రోజుల్లో కంచంలో కూర ఏ మూల ఉందో వేళ్లతో తడుముకునేదట. ఆ సంగతి చెప్పిన రోజు సత్యవేణి నన్ను తోముతూ చాలాసేపు తోమిన చోటే తోమింది.

మర్నాటి నుంచి ఆమె కంచంలోకి నా రాక బందయింది. క్యాబేజీ, బీరకాయ, గుడ్లు, తోటకూర వచ్చాయి. ఒకరోజు కాలీఫ్లవర్ తురిమి, ఆవిరి పట్టి, దాన్ని అన్నం అన్నారు. వడ్డించడానికి నన్నే పెట్టారు. బుడితిలో నన్ను పోతపోసింది ఇందుకా అని ఆ పూట కాడదాకా చల్లబడిపోయాను.

వరహాలమ్మ బాధ నాకంటే ఎక్కువ.

"ఏటే వేణీ, ఇదో భోజనమా? ఆవుకైనా గడ్డితోపాటు కుడితి పెడతాం."

"కూర చాలు అత్తయ్యా. చెయ్యి తీయండి."

"కొంచెమే."

"మీ కొంచెం నాకు తెలుసు."

సన్యాసిరావుకి ఇదంతా వినోదం. "నేను చూడు, రాత్రిపూట అన్నం మానేసి ఎన్నాళ్లయిందో!" అనేవాడు. నిజమే, మానేశాడు. రాత్రిళ్లు దోసెలు తింటాడు. పెనం దించేదాకా తింటాడు. దోసె అన్నం కాదు కదా.

వారాలు గడిచాయి. బరువు చూసే యంత్రం ముల్లు మాత్రం కదల్లేదు. సత్యవేణి దాన్ని హాల్లో పెట్టి ఎక్కింది, వరండాలో పెట్టి ఎక్కింది. గది మారితే దాని మనసు మారుతుందనుకుంది కాబోలు.

"గాలి పీల్చినా ఒళ్లొచ్చే జాతకం నీది," అన్నాడు సన్యాసిరావు. "హాయిగా తిని పడుకో."

ఇంకో పూటయితే దీటుగా జవాబిచ్చేదే. ఆ పూట కళ్లజోడు తీసి తుడుచుకుంది. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

కారణం నాకు తెలుసు. గాలి సంగతి నా దగ్గరా చెప్పేది!

బడి, కరెంటాఫీసు రెండూ ఇంటికి దగ్గరే కాబట్టి మధ్యాహ్నం ఇద్దరూ ఇంటికొచ్చి తింటారు. అందరూ లేచాక గిన్నె కడగడానికి సత్యవేణి వంటింట్లోకి వస్తుంది. గిన్నెలో చుట్టం వంతు అలాగే ఉంటుంది. పారేయడానికి చేతులు రావు. ఫ్రిజ్‌లో పెడితే చద్దన్నం మొగుడు ముట్టడు. అందుకని నాతోనే అడుగు గీకి, ఓ ఆవకాయ బద్ద నంజుకుని, గబగబా తినేసి బడికి పరిగెత్తుతుంది. అదంతా నిలబడే. కూర్చుని కంచంలో తింటే భోజనం, నిలబడి గిన్నెలోంచి తింటే గిన్నె కడగడం. పిల్లలు లెక్కలో ఒక్క అంకె వదిలేస్తే సున్నా వేసే మనిషి, రోజూ ఒక చుట్టం భోజనాన్ని లెక్కలోంచి వదిలేస్తోంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, సన్యాసిరావు గురక హాల్లో మంచి ఊపు మీదుండగా, వరహాలమ్మ మంచినీళ్లకని వంటింట్లోకొచ్చింది. కోడలు ఎడంచేత్తో గిన్నె, కుడిచేత్తో నన్ను పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి ఉంది. నా మీద అన్నం, అన్నం మీద ఆవకాయ. ముద్దాయి చేతిలో ఆయుధంలా దొరికిపోయాను.

"ఏటది?"

"ఏం లేదత్తయ్యా. గిన్నె కడుగుదామని."

"నోటితోనా?"

సత్యవేణి నోట్లోది మింగింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"మిగిలింది పారేయలేక... రోజూ కాస్త. నిలబడి తింటే..." అంటూ ఆగిపోయింది. పొయ్యి కేసి చూసింది, గిన్నె కేసి చూసింది. నోట్లో లెక్క వేసుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. తర్వాత అక్కడే కింద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది.

"నెలన్నర నుంచి గడ్డి తింటున్నానత్తయ్యా. అయినా మా అమ్మలాగే అయిపోతానేమోనని... రోజూ పొద్దున్నే గోడ మీద క్యాలెండర్ చదివి చూసుకుంటున్నాను, అక్షరాలు కనిపిస్తున్నాయా లేదా అని."

వరహాలమ్మ నీళ్ల సంగతి మర్చిపోయింది. కోడలి చేతిలోంచి నన్ను లాక్కుంది.

"ఎవులైనా వస్తే పెట్టాలన్నాను గానీ, రానోడి వంతు నిన్ను తినమన్నానేటే?"

"మరి పారేయనా?"

"అన్నం పారేస్తావా! కళ్లు పోతాయి." అన్నాక నాలిక కరుచుకుంది. కాసేపు నా కొక్కెం తిప్పుతూ ఆలోచించింది. "రేపట్నుంచి నువ్వు ముందు కూర్చో. నేను వడ్డిస్తాను. ఈ ఇంట్లో ఆఖర్న తినడానికి నా కొడుక్కేటి రోగం? గిన్నె కూడా వాడే కడుగుతాడు."

మర్నాడు సన్యాసిరావు చేతికి గిన్నె, పీచూ వచ్చాయి. "అదేమిటమ్మా!" అన్నాడు. "అడుగున ఉన్నదేటి చేస్తావో నీ ఇష్టం, పారేస్తే ఊరుకోను," అంది వరహాలమ్మ. అతను నన్ను పట్టుకుని అటూ ఇటూ చూశాడు. "కాస్తే కదా," అన్నాడు నాతో. గీకాడు. తిన్నాడు. నిలబడే.

ఇక ముల్లు కదిలింది. యంత్రాన్ని వరండాలోకి మోయాల్సిన పని లేకుండానే సత్యవేణి తేలికపడింది. గాజులు మెటికలు దాటాయి. ఆమె వదిలిన బరువు ఎక్కడికో పోలేదు, హాల్లోనే తిరుగుతోంది. ఒకరోజు సన్యాసిరావు ఆఫీసుకి బయలుదేరుతూ వంగి బూటు లేసు కట్టుకోబోతే, చొక్కా బొత్తాం ఊడి వరహాలమ్మ తమలపాకుల పళ్లెంలో పడింది.

"అయ్యో నా తండ్రీ!" అంది వరహాలమ్మ. ఆ పూటే చుట్టం వంతు బియ్యం డబ్బాలోనే ఉండిపోయాయి. కోడలి చక్కెరకు తగ్గని పిడికెడు కొడుకు బొత్తానికి తగ్గింది. నేనేమీ అనను. తల్లులు అంతే. సత్యవేణి బొత్తాం కుడుతూ తనలో తాను చాలాసేపు నవ్వుకుంది.

మూడు నెలలూ నిండాక సత్యవేణి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి మధ్యాహ్నం వేళకు తిరిగొచ్చింది. గుమ్మంలోంచే అరిచింది: "అత్తయ్యా, దిగింది! మాత్రలు ఇప్పుడే వద్దన్నారు. ఇలాగే తినమన్నారు."

హాల్లో ఒక పెద్దాయన కాళ్లు కడుక్కుని కూర్చుని ఉన్నాడు. పార్వతీపురం నుంచి వరహాలమ్మ తమ్ముడు అప్పలస్వామి. దారిలో ఫోను ఛార్జింగు అయిపోయి, చెప్పకుండా వచ్చేశాడు. ఒకప్పుడు అక్క "కొంచెమే"కి వరసగా నాలుగుసార్లు లొంగిన ఘనుడు.

వంటింట్లో వరహాలమ్మ గిన్నె మూత తీసి పట్టుకుని నిలబడిపోయింది. గిన్నెలో ఆమెకు, కొడుక్కి సరిపడా ఉంది. అంతే. ఆమె చూపు కిటికీలోంచి పక్కింటి గోడ మీదికి పోయింది. చెయ్యి కొంగు మీదికి పోయింది. ఇన్నేళ్లూ వండి వండి, మానేసిన వారానికే చుట్టం దిగాడు.

"పావుగంటలో ఇంకాస్త వండేస్తానత్తయ్యా," అంది సత్యవేణి.

"పావుగంట సేపు ఆకలితో కూర్చోబెడతామేటే, ఇంటికొచ్చినోణ్ణి?"

ఇంతలో హాల్లోంచి గొంతు వినిపించింది.

"అక్కా, నాకు అన్నం పెట్టకు. సుగరు. మానేసి ఏడాదైంది. కూరేటి చేశావు?"

వరహాలమ్మ మూత ఠంగుమని పెట్టి, నన్ను చేత్తో పట్టుకుని హాల్లోకి నడిచింది. కొడుతుందేమో అనుకున్నాను.

"ఓరి నీ! నీ వంతు తినే నా కోడలు ఇంతదైంది. నీ వంతు తినే నా కొడుకు బొత్తాలు ఊడాయి. ఇన్నాళ్లకొచ్చి ఇప్పుడు అన్నం వద్దంటావా?"

అప్పలస్వామికి ఏమీ అర్థం కాలేదు. సన్యాసిరావుకి కొంత అర్థమై పొట్ట లోపలికి పీల్చుకున్నాడు. సత్యవేణి గోడకు ఆనుకుని నవ్వుతోంది.

అందరూ కూర్చున్నారు. వరహాలమ్మ ఒక్క క్షణం ఆగింది. అలవాటుగా అన్నం గిన్నెలో దిగబోతున్న నన్ను పైకి తీసి, గుత్తొంకాయ కూర గిన్నెలో పెట్టింది. నా స్థానంలో అన్నం గిన్నెలోకి ఒక స్టీలు చెంచాను పడేసింది. ఆ చెంచా అప్పట్నుంచి ఎవరితోనూ మాట్లాడకుండా మహా గర్వంగా ఉంటోంది. కొత్త కదా పాపం.

ఇప్పుడు నా చోటు కూర గిన్నెలోనే. అంటే నూనె, మసాలా, వారానికోసారి కాకరకాయ. ఇత్తడికి ఈ వయసులో కొత్త ఉద్యోగం అంత సులువేం కాదు. అన్నాన్ని అదిమినట్టు వంకాయని అదిమితే చితికిపోతుంది. వరహాలమ్మా, నేనూ ఇద్దరం మళ్లీ మొదట్నుంచి నేర్చుకుంటున్నాం.

ఆ రోజు వడ్డన మాత్రం బాగా గుర్తుంది. "కొంచెమే," అంటూ ఆమె నన్ను కోడలి కంచం మీదికి తెచ్చింది. సత్యవేణి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ వేళ్ల సందుల్లోంచి ఒక వంకాయ జారి, కంచం అంచున, గుడ్డు చాటుకి దొర్లింది. సత్యవేణి తడుముకోలేదు. అదెక్కడ దాక్కుందో చూసి, తీసుకుని తింది.