మొహం జగపతిది, చేతులు పోచయ్యవి

మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో ఎల్లేశ్ డిజిటల్స్ అని ఒక షాపుంది. పాస్‌పోర్టు ఫొటోలు తప్ప అక్కడ వేరే ఫొటోలు తీయరు. ఎవరో తీసిన పెళ్లి ఫొటోలను ఆల్బంగా కూర్చి ఇస్తారు. ఫొటో తీసేవాడికి పెళ్లిలో భోజనమైనా పెడతారు, ఆల్బం చేసేవాడు ఒకడున్నాడని ఎవరికీ గుర్తుండదు. ఈ అన్యాయం మీద ఎల్లేశ్‌కి గట్టి అభిప్రాయాలున్నాయి. అతనికి గట్టి అభిప్రాయం లేని విషయం ఇంతవరకు దొరకలేదు.

పనిమంతుడే, కాదనలేం. మూసుకున్న కళ్లు తెరిపిస్తాడు. వధూవరుల వెనక నిలబడి అరటిపండు తింటున్నవాడిని మాయం చేస్తాడు. అలిగి పెళ్లికి రాని బాబాయిలను, పెద్దమ్మలను పాత ఫొటోల్లోంచి తెచ్చి, పట్టుబట్టలు కట్టి, స్టేజీ మీద నిలబెడతాడు. మూడు జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో ఒకరి ముఖం ఒకరు చూసుకోని అన్నదమ్ములు ఎల్లేశ్ చేసిన ఆల్బంలో మాత్రం భుజం మీద చెయ్యేసుకుని నవ్వుతుంటారు.

ఇదంతా తన మానిటర్ మహిమ అని అతని నమ్మకం. పెద్ద కంపెనీది. మెరుపూ తళుకూ లేని తెర, రంగు ఎంతుంటే అంతే చూపించేది. రాత్రి షాపు కట్టేటప్పుడు దాని మీద తువ్వాల కప్పేవాడు. గిరాకీవాళ్లు వేలు పెట్టి తెరను ముడితే ముఖం మాడ్చుకునేవాడు. భార్య హరితకు కూడా దాన్ని తుడిచే అధికారం లేదు.

మొన్నటి ఎండాకాలంలో కరెంటు వచ్చి పోయి, పోయి వచ్చి, ఆ మానిటర్ నల్లబడింది. కొత్తది కొందామని చూస్తే ఆ కంపెనీ ఇక విడిగా మానిటర్లు తయారు చేయదట. తెర, కంప్యూటర్ కలిపి అతికించిన డబ్బా ఒక్కటే అమ్ముతుందట. ఎల్లేశ్ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాడు.

"సర్, కస్టమర్ల సౌలభ్యం కోసమే విడి మానిటర్లు నిలిపివేశామండి," అంది అవతలి అమ్మాయి, తేనె పూసిన గొంతుతో.

"నేను కస్టమర్‌నే గదమ్మా. నాకేం సౌలభ్యమైంది? నా కంప్యూటర్ మంచిగనే ఉన్నది. తెర పోయింది, తెర ఇయ్యిమంటున్న. గొళ్లెం ఊడిందని వస్తే ఇల్లు కొనుక్కొమ్మంటవేంది?"

"మీ అభిప్రాయం మాకు చాలా విలువైనదండి. ఈ కాల్‌కు ఐదులో ఎంత రేటింగ్ ఇస్తారండి?"

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఆల్బం డిజైనర్లకు ఒక వాట్సాప్ గ్రూపుంది. ఆ రోజు అది భగ్గుమంది. ఆ కంపెనీ వస్తువు ఇక ముట్టేది లేదని జనగామ ఆయన ప్రతిజ్ఞ చేశాడు. ప్రజావాణిలో కలెక్టర్‌కు వినతిపత్రం ఇద్దామని భూపాలపల్లి ఆయన అన్నాడు. మానిటర్లకూ కలెక్టర్‌కూ ఏం సంబంధమని ఎవరూ అడగలేదు, అందరూ దండాలు పెట్టే బొమ్మలు పంపారు. ఆ నెల తిరక్కముందే ఒకరికి తెలియకుండా ఒకరు అందరూ అదే కంపెనీ డబ్బా కొనుక్కున్నారు.

"ఇంకో కంపెనీది తెచ్చుకోరాదు?" అంది హరిత.

ఎల్లేశ్ ఆమె వైపు, నన్ను ఇంకో పెళ్లి చేసుకోమంటావా అన్నట్టు చూశాడు.

డబ్బా వచ్చింది. తెర అద్దంలా తళతళలాడుతోంది. అందులో ట్యూబ్‌లైటు కనబడుతుంది, ఎల్లేశ్ ముఖం కనబడుతుంది, మిగిలిన చోటుంటే ఫొటో కనబడుతుంది. ఏ ఫొటో తెరిచినా సినిమా పోస్టర్‌లా మెరిపిస్తుంది. తిట్టుకుంటూనే దాని ముందు కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే మరిపెడ నుంచి సాలమ్మ వచ్చింది. ఆమె కూతురు తేజస్విని పెళ్లి అయి నెల కావస్తోంది. పిల్లను జనగామ ఇచ్చారు.

"తమ్మీ, గంపల పిల్లను కూసోబెట్టి తెచ్చేటిది మేనమామనే గద," అంది సాలమ్మ కుర్చీ అంచున కూర్చుని. "మా అన్న జగపతి రాలే. మా మరిది పోచయ్య మోసిండు. రేపు ఆల్బం జనగామల అందరు చూస్తరు. మేనమామ ఏడి అంటే నేనేం జెప్పాలె?"

"ఎందుకు రాలేదక్కా?"

"బొట్టు పెట్టి పిలువలేదని అలిగిండు. భూపాలపల్లిల బొగ్గుబాయి నౌకరి ఆయనది. ఇక్కడ మిరప తోట పని, పెండ్లి పని, అంత దూరం పొయ్యేటందుకు తీరిక దొరకలె. ఫోన్ల కార్డు పంపినం. ఇప్పుడు ఫోను గూడ ఎత్తుతలేడు."

తన ఫోన్ తీసి, కొంగుతో తెర తుడిచి, తేజస్విని ఓణీల ఫంక్షన్ నాటి ఫొటో చూపించింది. అందులో జగపతి నవ్వుతున్నాడు.

"గీ మొకం పెట్టు. గిట్లనే నవ్వుకుంట ఉండాలె," అంది. అల్లుడి తరఫు వాళ్లు ఏమంటారోనన్న భయం ఆమెకు ఉన్నమాట నిజమే. కానీ ఒక్కగానొక్క అన్న లేకుండా బిడ్డ పెళ్లయిపోయిందన్న బాధ అంతకంటే పెద్దది. ఆల్బంలోనైనా అన్న ఉండాలని ఆమె కోరిక.

ఎల్లేశ్‌కు ఇది రోజూ చేసే పనే. పోచయ్య ముఖం తీసేశాడు, జగపతి ముఖం తెచ్చాడు. మెడ దగ్గర అతుకు కలిపాడు, రంగులు సరిచూశాడు. కొత్త తెర మీద జగపతి పుట్టినప్పటి నుంచి ఆ గంప మోస్తున్నట్టే ఉన్నాడు. ప్రింటుకు పంపించాడు.

ప్రింటు వచ్చాక విప్పి చూస్తే జగపతి ముఖం టమాటా పండులా ఉంది, గంప పట్టుకున్న చేతులు చామనఛాయలో ఉన్నాయి.

హరిత తొంగిచూసింది. "మొకం ఒక ఊరి నుంచి, చేతులు ఒక ఊరి నుంచి వచ్చినట్టున్నయ్."

"కంపెనోడు జేసిన పని గిది. నా మానిటర్ ఉంటే గిట్ల అయితుండెనా?" అని ఎల్లేశ్ ఎగిరాడు. ఆ పేజీ మళ్లీ చేసి పంపాలని పక్కన పెట్టాడు.

మళ్లీ చేసేలోపు పోచయ్య వచ్చాడు. మహబూబాబాద్ మార్కెట్‌కు మిర్చి తెచ్చి, పనిలో పనిగా ఆల్బం ఎంతవరకు వచ్చిందో చూసి పోదామని ఆగాడు. పక్కన పెట్టిన పేజీ కంటపడింది. తన ముఖం తీసేశారని కోపం రాలేదు సరికదా, తన చేతులు ఉంచినందుకు పొంగిపోయాడు. ఫోన్‌లో ఫొటో తీసి, కుటుంబం గ్రూపులో పెట్టి, కింద ఒక మాట రాశాడు. "చేతులు నావే."

ఆ గ్రూపులో జగపతి కూడా ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే భూపాలపల్లిలో బస్సెక్కి, పరకాల మీదుగా వరంగల్ వచ్చి, అక్కడ రైలు పట్టుకుని, మధ్యాహ్నానికల్లా ఎల్లేశ్ డిజిటల్స్ మెట్ల మీద నిలబడ్డాడు జగపతి. చేతిలో ఫోన్.

"గిది చేసింది ఎవలు?"

ఆ ముఖాన్ని ఎల్లేశ్ వెంటనే గుర్తుపట్టాడు. దాంతో అంతసేపు కుస్తీ పట్టినవాడు కదా. అసలు ముఖం చామనఛాయ. అంటే రంగు తప్పింది ముఖంలోనే, చేతుల్లో కాదు అని ముందుగా అతనికి తోచింది. పని పిచ్చి అలాంటిది.

"అన్నా, నా తప్పు గాదు. కంపెనోళ్లు ఇడి మానిటర్లు బంద్ జేసిండ్రు. పాత మానిటర్ ఉంటేనా, గది నువ్వు గాదని నీకు గూడ తెల్వకపోతుండె."

"నేను పెండ్లికి పోలేదని నాకు తెల్వదా?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎల్లేశ్‌ను ఎవరూ అడగలేదు. ఆల్బంకు తెప్పించిన మనుషులెవరూ షాపు దాకా వచ్చినవాళ్లు కారు.

హరిత లోపలికి పోయి మరిపెడకు ఫోన్ చేసింది. జగపతికి చాయ్ పోసి పెట్టింది. అతను ముట్టలేదు. అది మీగడ కట్టి, ఈగ వాలి, ఎత్తి పారబోసే వేళకు సాలమ్మ ఆటో దిగింది. అన్నను చూడగానే గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవల్నడిగి పెట్టిచ్చినవ్ నా మొకం?" అన్నాడు జగపతి.

"ఎవల్నడగాలె? మా అన్న మొకం. నువ్వు రాకపోతివి, నేను తెచ్చుకున్న."

"పిలిస్తే రాకపోదునా? సొంత అన్నను ఫోన్ల పిలుస్తరా? కార్డు కింద ఏం రాసిండ్రు? అందరూ ఆహ్వానితులే. నేను గా అందర్ల ఒకన్నా, సాలమ్మా?"

ఆ మాటతో సాలమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తీరిక లేదన్న మాట మళ్లీ చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. కౌంటర్ మీద లక్ష్మీదేవి పటం దగ్గర చిన్న గిన్నెలో కుంకుమ ఉంది. వేలితో తీసుకుని అన్న దగ్గరికి పోయి, మునివేళ్ల మీద లేచి అతని నుదుట బొట్టు పెట్టింది.

"మా బిడ్డ పెండ్లి, అన్నా. వదినను తీసుకొని, పిల్లలను తీసుకొని, అందరు రావాలె."

జగపతి చేతిలోని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఎన్నడు?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. సాలమ్మ ఎల్లేశ్ వైపు చూసింది.

"వచ్చే ఐతారం," అన్నాడు ఎల్లేశ్. మానిటర్ మీద కాకుండా మరో విషయం మీద అతను మాట్లాడటం హరిత ఈ మధ్య వినలేదు.

ఆదివారం అందరూ వచ్చారు. తేజస్విని పెళ్లి చీర సంచిలో పెట్టుకుని జనగామలో రైలెక్కి వచ్చి, షాపు వెనక హరిత వాళ్ల గదిలో కట్టుకుంది. సాలమ్మ అదే గంప తెచ్చింది. పెళ్లి అయ్యాక అందులో ఎండుమిర్చి పోశారట, ఎంత దులిపినా ఘాటు పోలేదు. గంపలో కూర్చోగానే పెళ్లికూతురు తుమ్మడం మొదలుపెట్టింది. జగపతికి కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. మిర్చి ఘాటు అన్నాడు. అందరూ సరేనన్నారు.

"ఇంకో పక్క నేను పట్టుకుంట," అని పోచయ్య ముందుకొచ్చాడు.

"పట్టు. గీసారి నీ మొకంతోనే పట్టు," అన్నాడు జగపతి.

గంప లేచింది. తేజస్విని మామయ్య భుజం గట్టిగా పట్టుకుంది. పాస్‌పోర్టు ఫొటోలు తీసే కెమెరాతోనే ఎల్లేశ్ ఆ ఫొటో తీశాడు. డబ్బాలో వేసి తెరిచాక అలవాటు కొద్దీ మౌస్ జగపతి ముఖం మీదికి పోయింది.

"ముట్టకు," అంది హరిత.

ముట్టలేదు. ఉన్నదున్నట్టు ప్రింటుకు పంపించాడు.

ఆల్బం ఇచ్చే రోజు సాలమ్మ వాళ్లు జనగామ పోతూ ఎల్లేశ్‌ను కూడా రమ్మన్నారు. ఆల్బం చేసినవాడిని భోజనానికి పిలవడం అతను ఎరిగినంతలో అదే మొదటిసారి, అందుకని కొత్త చొక్కా వేసుకుని వెళ్లాడు. అల్లుడి ఇంట్లో బంతి కూర్చుంది. జగపతి, అతని భార్య, పోచయ్య, ఎల్లేశ్ వరసగా కూర్చున్నారు. సాలమ్మ తనే కూర వడ్డిస్తోంది.

పెళ్లికొడుకు మేనత్త గోడకు ఆనుకుని ఆల్బం ముందేసుకుంది. కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పుతోంది. ఎల్లేశ్ ఓరకంట చూస్తూనే ఉన్నాడు. అతను కళ్లు తెరిపించిన పూజారి దగ్గర ఆమె ఆగి, ఎంత మంచిగ వచ్చిండో అంది. దుబాయి నుంచి రాలేక ఎల్లేశ్ చేతి పనితో ఫొటోలోకి వచ్చిన చిన్నాయనను చూసి, పాపం పనులన్నీ ఇడిసిపెట్టి వచ్చిండు అంది. గంప పేజీ దగ్గర ఆగింది. దగ్గరికి పెట్టుకుని చూసింది, దూరం పెట్టి చూసింది.

"గిది ఎడిటింగ్," అంది పైకే. "గీ మేనమామను నేను ఇయ్యాలనే చూస్తున్న. పెండ్లిల లేనేలేడు. ఫొటోల ఎట్లొచ్చిండు? పెట్టిచ్చిండ్రు. చూస్తేనే తెలుస్తలేదా?"

ఏ మాట పడుతుందోనని సాలమ్మ నెల రోజుల పాటు కుమిలిందో, ఆ మాట అల్లుడి ఇంట్లో అందరి ముందూ పడింది.

"ఎడిటింగ్ గాదు! మోసిన నేను! నడుము ఇంక నొస్తున్నది!" అని జగపతి ఎంగిలి చేత్తోనే సగం లేచాడు. ఎల్లేశ్ కూడా లేవబోయాడు. ఆల్బం మొత్తంలో తను చెయ్యి పెట్టని ఫొటో అదొక్కటే. ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, కంపెనోళ్లు అని నోటి దాకా వచ్చి, ఈసారి కంపెనీ చేసిన తప్పేమిటో ఎంత వెతికినా దొరక్క అలాగే ఉండిపోయాడు.

సాలమ్మ మేనత్త వైపు చూడనేలేదు. గరిటె గిన్నెలో పెట్టి, అన్న మోచెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

"కూసో అన్నా. కూర చల్లారుతది."